ప్రధాన ఆటగాళ్ళు వెళ్లిపోయిన బేస్‌బాల్ జట్టు మీద కొత్త సీజన్‌లో ఎంత ఆశ పెట్టుకోవచ్చు?

మీ ప్రశ్న సారాంశం ఇది: కొన్నేళ్లుగా మీరు అభిమానిస్తున్న జట్టులోంచి ఈ శీతాకాలంలో ఇద్దరు పెద్ద బ్యాటర్లు వెళ్లిపోయారు, వారి చోట పెద్దగా పేరు లేని వారు వచ్చారు, స్ప్రింగ్ ట్రైనింగ్‌లో, అంటే సీజన్‌కు ముందు జరిగే సన్నాహక ఆటల్లో, జట్టు వరసగా ఓడిపోతోంది, ఇటువంటప్పుడు ఏమి ఆశించాలి, సీజన్ టికెట్ తీసుకోవడం వివేకమేనా అని అడిగారు. జట్టు పేరు మీరు రాయలేదు కాబట్టి, నేను దగ్గర నుంచి చూసిన సియాటిల్ మెరినర్స్‌ను ఆధారం చేసుకుని చెబుతాను. తొంభయ్యవ దశకం చివర్లో ఉద్యోగరీత్యా సియాటిల్ పక్కనున్న రెడ్‌మండ్‌కు వచ్చినప్పటి నుంచీ ఆ జట్టు ఆటలు చూస్తున్నాను. వెళ్లిపోయిన వారి పేర్లు ఎంత పెద్దవో చూసి జట్టు బలాన్ని కొలవవద్దు. గత ఏడాది ఏ స్థానాలు బలహీనంగా ఉన్నాయో గుర్తుచేసుకుని, ఆ స్థానాల్లోకి ఇప్పుడు ఎవరు వచ్చారో చూడండి. స్ప్రింగ్‌లో గెలుపోటములను మాత్రం అసలు లెక్కలోకి తీసుకోవద్దు.

క్రికెట్ చూస్తూ పెరిగిన మనకు ఇది వెంటనే మింగుడుపడదు. క్రికెట్‌లో ఒక ఓపెనర్ నిలదొక్కుకుంటే ఇన్నింగ్స్ మొత్తం తానే నడిపించగలడు, కనుక అతడు జట్టు వదిలి వెళ్లాడంటే సగం బలం పోయిందని అనుకోవడంలో అర్థముంది. బేస్‌బాల్‌లో ఆ వెసులుబాటు ఎవరికీ లేదు. ఎంతటి బ్యాటర్ అయినా ఒకసారి ఆడిన తరువాత మిగిలిన ఎనిమిది మంది వంతులు పూర్తయ్యే వరకు ఆగవలసిందే. ఒక ఆటలో అతడికి నాలుగైదు అవకాశాలు వస్తాయి, 162 ఆటల సీజన్‌లో జట్టుకు ఆరు వేలకు పైగా వంతులు దక్కితే వాటిలో అతడివి సుమారు ఏడు వందలు. అందువల్ల ఒక్క ఆటగాడి నిష్క్రమణ వల్ల జరిగే నష్టానికి ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు చిన్నదేమీ కాదు, కానీ దినపత్రికల శీర్షికలు భయపెట్టినంత పెద్దదీ కాదు.

మెరినర్స్ సంగతే చూడండి. 1998 జులైలో ఆ జట్టు తన మేటి పిచ్చర్ (బ్యాటర్‌కు బంతి విసిరేవాడు) ర్యాండీ జాన్సన్‌ను హ్యూస్టన్‌కు ఇచ్చివేసింది. 2000 ఫిబ్రవరిలో ఊరంతా ఆరాధించే కెన్ గ్రిఫీ జూనియర్ సిన్సినాటికి వెళ్లిపోయాడు. అదే ఏడాది డిసెంబరులో షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) అలెక్స్ రోడ్రిగెజ్ పదేళ్లకు 25 కోట్ల 20 లక్షల డాలర్ల ఒప్పందంతో టెక్సస్ రేంజర్స్‌లో చేరాడు. మూడేళ్లు గడవక ముందే ముగ్గురూ పోయారు. 2001 ఆరంభంలో మా కార్యాలయంలో మధ్యాహ్న భోజనాల దగ్గర రెండే విషయాలు మాట్లాడుకునేవాళ్లం: డాట్‌కామ్ కంపెనీలు ఒక్కొక్కటిగా మూతపడటం, మెరినర్స్ పని అయిపోవడం. ఇక్కడే పుట్టి పెరిగిన ఒక సహోద్యోగి మాత్రం రోడ్రిగెజ్ పేరు వినగానే కోపంతో ఊగిపోయేవాడు గాని, జట్టు ఓడుతుందని ఒక్కసారి కూడా అనలేదు. అతడు నాకు చెప్పిన లెక్కే ఇప్పటికీ నేను వాడుతున్నాను.

ఆ లెక్క ఏమిటంటే, ముందుగా వెళ్లిన వారు ఊరికే వెళ్లారా, బదులుగా ఎవరినైనా తెచ్చిపెట్టి వెళ్లారా అని చూడాలి. జాన్సన్‌ను ఇచ్చినందుకు ఫ్రెడ్డీ గార్సియా, కార్లోస్ గియెన్, జాన్ హాలమా వచ్చారు. గ్రిఫీకి బదులుగా వచ్చిన వారిలో మైక్ క్యామరన్ ఉన్నాడు. 2001లో గార్సియా 18 ఆటలు గెలిచి, తొమ్మిది ఇన్నింగ్స్‌కు 3.05 పరుగుల సగటుతో అమెరికన్ లీగ్‌లో అతి తక్కువ పరుగులిచ్చిన స్టార్టింగ్ పిచ్చర్‌గా నిలిచాడు. క్యామరన్ సెంటర్ ఫీల్డ్‌లో ఉత్తమ ఫీల్డర్‌కు ఇచ్చే గోల్డ్ గ్లవ్ అందుకోవడమే కాక 25 హోమ్ రన్లు (మన సిక్సర్ వంటి దెబ్బలు) కూడా కొట్టాడు. రోడ్రిగెజ్ ఖాళీ చేసిన షార్ట్‌స్టాప్ స్థానంలో నిలబడింది గియెన్. అతడు ఆ ఏడాది కొట్టిన హోమ్ రన్లు అయిదే, కాబట్టి ఆ ఒక్క స్థానంలో జట్టు బాగా నష్టపోయిందన్నది నిజం.

రెండో భాగం, నా దృష్టిలో అసలైన భాగం, మిగిలిన స్థానాలను తరచి చూడటం. 2000లో 91 ఆటలు గెలిచిన మెరినర్స్‌కు సెకండ్ బేస్‌లో ఎక్కువగా ఆడినది మార్క్ మెక్‌లెమోర్. అతడి బ్యాటింగ్ సగటు (లెక్కకు వచ్చే వంతుల్లో బంతిని కొట్టి సురక్షితంగా బేస్ చేరిన వాటా) 0.245, హోమ్ రన్లు మూడు. లైనప్‌లో మొదటి బ్యాటర్‌గా వచ్చిన రికీ హెండర్సన్ ఎంత గొప్పవాడైనా అప్పటికే నలభై దాటాడు, సియాటిల్ తరఫున అతడి సగటు 0.238. అంటే ఎవరూ పెద్దగా మాట్లాడుకోని చోట్ల జట్టు కుంటుతోంది. ఆ శీతాకాలంలో యాజమాన్యం సెకండ్ బేస్‌కు బ్రెట్ బూన్‌ను ఒక్క ఏడాది ఒప్పందం మీద తెచ్చుకుంది, రైట్ ఫీల్డ్‌కు, మొదటి బ్యాటర్ స్థానానికి ఇచిరో సుజుకిని జపాన్ నుంచి రప్పించింది. మెక్‌లెమోర్ జట్టులోనే ఉండి, ఏ స్థానంలో ఎవరికి విశ్రాంతి కావాలన్నా అక్కడ ఆడాడు. నిన్నటి వరకు రోజూ ఆడిన వాడు నేడు అదనపు ఆటగాడు అయ్యాడంటే జట్టు లోతు పెరిగినట్లే. కొత్త పేర్ల హడావుడిలో ఈ సంగతి ఎవరి కంటికీ ఆనదు.

ఇచిరో విషయంలో సందేహాలు సహజమైనవే. జపాన్ జట్టు ఒరిక్స్ తరఫున ఏడేళ్లు వరసగా జపాన్ పసిఫిక్ లీగ్ బ్యాటింగ్ కిరీటం గెలిచినవాడే అయినా, అంతవరకు అమెరికా ప్రధాన లీగ్‌లో నిలదొక్కుకున్న జపాన్ ఆటగాళ్లందరూ పిచ్చర్లే. సన్నగా ఉన్న ఈ మనిషి ఇక్కడి వేగాన్ని తట్టుకోగలడా అని అందరూ అడిగారు. ఆరిజోనాలోని పియోరియాలో స్ప్రింగ్ ఆటల్లో అతడు ప్రతి బంతినీ ఎడమవైపుకే నెడుతుంటే మేనేజర్ లూ పినెల్లా సైతం కలవరపడ్డాడు. నేను టీవీలో చూసి ఏమీ తేల్చుకోలేకపోయాను. మే నెలలో మెరినర్స్ సొంత మైదానమైన సేఫ్‌కో ఫీల్డ్‌లో ఫస్ట్ బేస్ వైపు కూర్చుని చూసినప్పుడు మాత్రం విషయం బోధపడింది. అతడు బంతిని షార్ట్‌స్టాప్ వైపు నేలబారుగా కొట్టాడు. ఏ ఇతర బ్యాటర్ కొట్టినా అది నూటికి తొంభై పాళ్లు ఔట్. ఇచిరో మాత్రం బ్యాట్ తిప్పుతున్నప్పుడే కుడి కాలు ఫస్ట్ బేస్ దిశగా వేసేశాడు, బంతి బ్యాట్‌ను వదిలేసరికి అతడి శరీరం పరుగులో ఉంది. షార్ట్‌స్టాప్ తడబడలేదు, శుభ్రంగా అందుకుని వెంటనే విసిరాడు, అయినా బంతి చేరేలోపు ఇచిరో బేస్ దాటి రెండడుగులు ముందున్నాడు. తరువాతి వంతులో అతడు రాగానే ఇన్‌ఫీల్డర్లు రెండేసి అడుగులు ముందుకు జరిగారు, దానితో వారి మధ్య ఖాళీలు పెరిగాయి. ఇటువంటి లాభం ఏ పట్టికలోనూ కనిపించదు.

ఫలితం చరిత్ర. 2001లో మెరినర్స్ 116 ఆటలు గెలిచి, 1906లో షికాగో కబ్స్ నెలకొల్పిన రికార్డును సమం చేశారు. ఇచిరో సగటు 0.350, హిట్లు 242. ఉత్తమ నూతన ఆటగాడు, అత్యంత విలువైన ఆటగాడు అనే రెండు పురస్కారాలూ ఒకే ఏడాది అతడికే దక్కాయి. బూన్ 37 హోమ్ రన్లు కొట్టి 141 పరుగులు రాబట్టాడు. జట్టు మొత్తం 927 పరుగులు చేసి 627 ఇచ్చింది. చేసిన పరుగుల వర్గాన్ని, చేసిన పరుగుల వర్గానికి ఇచ్చిన పరుగుల వర్గం కలిపిన మొత్తంతో భాగిస్తే ఒక జట్టు గెలుపు శాతం దాదాపుగా వస్తుంది. ఆ సూత్రం ప్రకారం ఈ అంకెలకు 111 విజయాలు రావాలి, కనుక మిగిలిన అయిదింటిని అదృష్టం ఖాతాలో వేయవచ్చు. అటు టెక్సస్‌లో రోడ్రిగెజ్ 52 హోమ్ రన్లు కొట్టి తన వంతు తాను చేశాడు, అతడి జట్టు మాత్రం 73 గెలిచి 89 ఓడి డివిజన్‌లో అట్టడుగున మిగిలింది. అతడు అక్కడికి వెళ్లిన తరువాత మొదటిసారి సియాటిల్‌కు ఆడటానికి వచ్చిన రోజున ప్రేక్షకులు నకిలీ నోట్లు విసిరారు. నాకు ఆ పని నచ్చలేదు గాని, ఆ వేళ నా చుట్టూ ఉన్నవారిలో నాతో ఏకీభవించేవారు ఎవరూ ఉండి ఉండరు.

అయితే ఈ కథ విని మీ జట్టు కూడా వంద దాటుతుందని ఊహించుకోవద్దు. అంతకుముందు ఏడాది శాన్ డియేగోలో 19 హోమ్ రన్లు కొట్టిన బూన్ దాదాపు రెట్టింపు కొడతాడని ఏ అంచనా చెప్పలేదు, చెప్పి ఉండకూడదు కూడా. ఆ జట్టు మీద సీజన్‌కు ముందు వేయగలిగిన న్యాయమైన అంచనా 90 విజయాల దరిదాపుల్లో ఉండేది. లెక్కలు చెప్పగలిగినది జట్టు కూలిపోదు అన్నంతవరకే. పైగా ఆ 116 విజయాల జట్టు లీగ్ ఫైనల్‌లో న్యూయార్క్ యాంకీస్ చేతిలో నాలుగు ఆటలు ఓడి, ఒక్కటే గెలిచి ఇంటికి వచ్చింది.

మార్పులు లేకపోతే మేలని అనుకునే వారికి 2002 సరైన జవాబు. ముఖ్యమైన ఆటగాళ్లలో దాదాపు అందరూ తిరిగి వచ్చారు, విజయాలు 93కు పడిపోయాయి, సీజన్ తరువాత టైటిల్ కోసం జరిగే ప్లేఆఫ్స్ కూడా అందలేదు. అందరూ ఒక ఏడాది పెద్దవారయ్యారు, ముందటి ఏడాది తమ స్థాయిని మించి ఆడినవారు తమ స్థాయికి తిరిగి వచ్చారు. కొత్తగా వచ్చిన వారిలో జెఫ్ సిరిల్లో గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2001లో కొలరాడో తరఫున అతడి సగటు 0.313, సియాటిల్‌కు వచ్చాక 0.249. డెన్వర్ సముద్ర మట్టానికి మైలు ఎత్తున ఉంటుంది, అక్కడి పలుచని గాలిలో బంతి ఎక్కువ దూరం పోతుంది, పిచ్చర్ బంతి వంపు తిరగడమూ తగ్గుతుంది. సియాటిల్ మైదానం అప్పట్లో బ్యాటర్లకు అంతగా కలిసివచ్చేది కాదు. కాబట్టి మీ జట్టులోకి వచ్చిన కొత్తవారి అంకెలు చూసేటప్పుడు వాటిని ఏ మైదానంలో సంపాదించారో తప్పక చూడండి. సొంత మైదానంలోనూ, పరాయి మైదానాల్లోనూ వారి సగటులు విడివిడిగా సులభంగా దొరుకుతాయి.

ఇటీవలి ఉదాహరణ కావాలంటే 2025 హ్యూస్టన్ ఆస్ట్రోస్ ఉంది. కైల్ టకర్‌ను కబ్స్‌కు ఇచ్చారు, అలెక్స్ బ్రెగ్‌మన్ బోస్టన్‌కు వెళ్లాడు, వారి చోట ఐజాక్ పరేడెస్, క్రిస్టియన్ వాకర్, ఇరవై రెండేళ్లు నిండిన క్యామ్ స్మిత్ వచ్చారు. 2024లో 88 గెలిచిన జట్టు 87 గెలిచింది. అంటే తేడా దాదాపు లేదు, కానీ ఆ అంచు మీదే 2016 తరువాత మొదటిసారి ప్లేఆఫ్స్‌కు దూరమైంది. దెబ్బ తీసింది వెళ్లినవారి కంటే ఉన్నవారి గాయాలని నా అభిప్రాయం. ఆ జట్టులో అందరికంటే భయంకరమైన బ్యాటర్ యోర్డాన్ అల్వరెజ్ చేతి గాయం వల్ల 48 ఆటలే ఆడగలిగాడు.

ఇక స్ప్రింగ్ ఫలితాలు. ఫిబ్రవరి చివరి భాగం నుంచి మార్చి చివరి వరకు ఆరిజోనా, ఫ్లోరిడాల్లో జరిగే ఈ ఆటల్లో గెలవాలన్న పట్టుదల ఎవరికీ ఉండదు. అనుభవజ్ఞుడైన పిచ్చర్ ఆ రోజు కొత్తగా నేర్చుకుంటున్న ఒక్క బంతినే పదే పదే వేసి, దెబ్బలు తిని, తృప్తిగా వెళ్లిపోతాడు. అయిదారు ఇన్నింగ్స్ గడిచేసరికి అసలు ఆటగాళ్లు దుస్తులు మార్చుకుని బయలుదేరతారు, మిగిలిన ఆటను కింది లీగ్‌ల కుర్రవాళ్లు పూర్తి చేస్తారు. అందువల్ల స్కోరు చూడకుండా, మార్చి చివరి వారంలో లైనప్ ఏ క్రమంలో రాస్తున్నారో, ఎవరిని అలవాటు లేని స్థానంలో నిలబెడుతున్నారో, గత ఏడాది గాయపడిన పిచ్చర్ బంతి వేగం పాత స్థాయికి చేరిందో లేదో చూడండి.

ఇవన్నీ చూసి మీరు ఒక అంకెకు వచ్చినా దానిని గట్టిగా పట్టుకోవద్దు. ప్రతి ఆటా సమానావకాశం ఉన్న నాణెం విసరడమే అనుకున్నా, 162 సార్లు విసిరితే ఫలితం సగటుకు ఆరు అటూ ఇటూ జరగడం మామూలు. సరిగ్గా 81 ఆటలకు తగిన జట్టు ఏ లోపమూ లేకుండానే 75 గెలవవచ్చు, ఏ గొప్పా లేకుండానే 87 గెలవవచ్చు. ప్లేఆఫ్స్ గీత తరచుగా ఆ రెండో అంకె చుట్టుపక్కలే పడుతుంది. కాబట్టి మీ జట్టు గురించి ఒకే అంకె కాకుండా పన్నెండు విజయాల నిడివి గల ఒక పరిధిని మనసులో పెట్టుకోండి.

టికెట్ల విషయానికి వస్తే, పూర్తి సీజన్ టికెట్ అంటే సొంత మైదానంలో 81 ఆటలు. ఉద్యోగమూ పిల్లలూ ఉన్నవారికి వాటిలో సగం చూడటం కూడా కష్టమే, జట్టు ఎలా ఆడినా ఈ లెక్క మారదు. కొన్ని ఆటలకే పరిమితమైన ప్యాకేజీలను చాలా జట్లు అమ్ముతాయి, అవి చాలు. మీరు ఉత్తరాదిలో ఉంటే ఏప్రిల్ రాత్రి ఆటలు వద్దు. సియాటిల్ మైదానానికి కప్పు ఉన్నా అది వానను ఆపుతుంది గాని చలిని ఆపదు, ఎందుకంటే పక్కలు తెరిచే ఉంటాయి. కొత్త ఆటగాళ్లకు కుదురుకోవడానికి ఆరేడు వారాలు ఇచ్చి, మే చివర్లో ఒక మధ్యాహ్నపు ఆటకు ఫస్ట్ బేస్ వైపు సీటు తీసుకోండి.