తక్కువ ఊళ్లు పెట్టుకో, ఎక్కువ రైలెక్కు

చి.సౌ. తల్లికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పంపిన స్విట్జర్లాండ్ ప్లాన్ రెండుసార్లు చదివాను. ఉన్నవి ఆరు రాత్రులు. అందులో జూరిచ్, లుసెర్న్, ఇంటర్‌లాకెన్, జెర్మాట్, సెయింట్ మోరిట్జ్, చివరికి జెనీవా. రాత్రికో హోటల్. తొమ్మిదేళ్ల పిల్లాడు, మోకాళ్ల నొప్పులూ బీపీ ఉన్న మీ అమ్మ. ఇలా తిరిగితే పొద్దున పెట్టెలు సర్దడం, సాయంత్రం విప్పడంతోనే సెలవు అయిపోతుంది. ఈ ప్లాన్ పక్కన పెట్టెయ్యి తల్లీ.

మా అబ్బాయి బాజెల్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో నేనూ మీ పెదనాన్నా నెలల తరబడి అక్కడ ఉన్నాం. వాడు ఆఫీసుకు వెళ్లగానే మేం ఏదో ఒక రైలెక్కేవాళ్లం. ఆ అనుభవంతో చెబుతున్నా. ఆ దేశంలో మామూలు ప్యాసింజర్ రైలు కూడా సరస్సుల ఒడ్డునా, మంచు కొండల కిందా పోతుంది. అందుకని రెండే ఊళ్లలో బస పెట్టుకోండి. నాలుగు రాత్రులు ఇంటర్‌లాకెన్, రెండు రాత్రులు సెయింట్ మోరిట్జ్ దగ్గరి పోంట్రెసినా. చూడాల్సిందంతా ఈ రెండు చోట్ల నుంచే కిటికీ పక్కన కూర్చుని చూడొచ్చు.

ముందు ఎప్పుడు వెళ్లాలో తేల్చుకో. పిల్లాడికి వేసవి సెలవులని మే మొదట్లో వెళ్లాలనుకుంటున్నావు. మే నెలలో లోయల్లో పచ్చదనం, జలపాతాలు బాగుంటాయి కానీ పైన ఇంకా మంచు ఉంటుంది, షీనిగే ప్లాట్టె లాంటి కొండ రైళ్లు జూన్ దాకా మొదలే కావు. బడులు తెరిచేలోపు జూన్ మొదటి వారం వీలైతే అది నయం. నా మనసు మాత్రం దసరా సెలవుల మీద ఉంది. అక్టోబరులో రద్దీ తగ్గుతుంది, ఆకాశం తేటగా ఉండే రోజులు దొరుకుతాయి. పోంట్రెసినా చుట్టూ లార్చ్ చెట్లు ఆకులు రాల్చే ముందు బంగారు రంగుకు తిరుగుతాయి. నవంబరు మాత్రం వద్దు. కేబుల్ కార్లు, కొండ రైళ్లు చాలావరకు మరమ్మతుల కోసం ఆపేస్తారు.

గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ గురించి అల్లుడు చాలా ఆశ పెట్టుకున్నాడని రాశావు. అది 1930 నుంచి నడుస్తున్న పేరున్న బండి. జెర్మాట్ నుంచి సెయింట్ మోరిట్జ్ దాకా 291 వంతెనలు, 91 సొరంగాలు దాటుతుంది. కాదనను. కానీ ఎనిమిది గంటలు ఒకే సీట్లో కూర్చోవాలి. స్విస్ ట్రావెల్ పాస్ (రోజుల లెక్కన కొనే ఒకే టికెట్టు) ఉన్నా రిజర్వేషన్ డబ్బులు వేరే కట్టాలి, కిటికీలు తెరుచుకోవు. పిల్లాడు మూడో గంటకే విసిగిపోతాడు. మీరిద్దరే వెళ్లేటట్టయితే వెళ్లమనేదాన్ని. ఈసారికి వదిలెయ్యండి.

దానికి బదులు బెర్నీనా దారి చూడండి. దాని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఆ ప్రయాణం మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చినది అదే. కూర్ అనే ఊరి నుంచి సెయింట్ మోరిట్జ్‌కి ఆల్బులా లైను, అక్కడి నుంచి ఇటలీలోని తిరానో దాకా బెర్నీనా లైను. ఈ రెంటినీ కలిపి 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. బెర్నీనా ఎక్స్‌ప్రెస్ అని పెద్ద అద్దాల బండి ఉంది, దానికీ రిజర్వేషన్ తప్పనిసరి. కానీ అదే పట్టాల మీద గంటగంటకీ ఎర్ర రంగు ప్యాసింజర్ బండ్లు పోతాయి. వాటికి రిజర్వేషన్ అక్కర్లేదు, కొన్ని కిటికీలు తెరుచుకుంటాయి, నచ్చిన స్టేషన్లో దిగి తర్వాతి బండి ఎక్కొచ్చు. ఫోటోలకూ అదే మేలు, అద్దంలో మన మొహాలు పడవు.

కూర్ నుంచి బయల్దేరేటప్పుడు కుడివైపు కూర్చోండి. ఫిలిజూర్ స్టేషన్ రావడానికి ముందు లాండ్‌వాసర్ వంతెన వస్తుంది. 65 మీటర్ల ఎత్తు, ఆరు రాతి కమాన్లు. వంతెన మీద రైలు వంపు తిరిగి నేరుగా కొండ గోడలో ఉన్న సొరంగంలోకి దూరుతుంది. వంపు వల్ల మన బండి ముందు పెట్టెలు వంతెన మీద పోవడం మనకే కనిపిస్తుంది. ఫోన్ ముందే చేతిలో పెట్టుకోండి, నిమిషం కూడా ఉండదు. తర్వాత బెర్గూన్ నుంచి ప్రేడా దాకా ఇంకో వింత. ఆ రెండు ఊళ్ల మధ్య ఎత్తులో తేడా 416 మీటర్లు, నేరుగా కొలిస్తే దూరం 5 కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. అంత నిటారుగా మామూలు చక్రాలు ఎక్కలేవు, జారిపోతాయి. అందుకని ఇంజనీర్లు పట్టాలను కొండ లోపలా బయటా చుట్లు తిప్పి, దారిని 12 కిలోమీటర్లు దాటేలా సాగదీశారు. ఒకే చర్చి ఒకసారి కుడివైపు, ఇంకోసారి ఎడమవైపు, అంతకంతకూ కిందకి పోతూ కనిపిస్తుంది. పిల్లాడికి ముందే చెప్పు, ఎన్నిసార్లు కనిపిస్తుందో లెక్కపెట్టమను.

సమెదాన్‌లో దిగి పోంట్రెసినా బండి మారాలి. ఆ రాత్రి విశ్రాంతి. మర్నాడు చిన్న సంచీలతో తిరానో వెళ్లి రావచ్చు, ఒకవైపు రెండు గంటలు దాటుతుంది. మళ్లీ కుడివైపే కూర్చోండి. మోర్టెరాట్ష్ దగ్గర హిమానీనదం, తర్వాత ఓస్పిజియో బెర్నీనా దగ్గర లాగో బియాంకో సరస్సు అటువైపే వస్తాయి. ఓస్పిజియో 2,253 మీటర్ల ఎత్తు. అంత ఎత్తుకీ ఈ రైలు చక్రం జారకుండా పట్టుకునే పళ్ల పట్టాల సాయం లేకుండా మామూలు చక్రాలతోనే ఎక్కుతుంది. వందకు ఏడు వంతున ఎక్కే వాలు అది. 1910లో పూర్తయిన లైను అంటే నమ్మబుద్ధి కాదు. అక్కడి నుంచి దిగడం మొదలుపెట్టాక ఆల్ప్ గ్రూమ్‌లో దిగి ఒక టీ తాగండి. కింద లోయంతా కనిపిస్తుంది. ఇంకా దిగితే బ్రూసియో దగ్గర రైలు ఆరుబయటే ఒక పూర్తి చుట్టు తిరిగి తన వంతెన కిందనుంచి తానే పోతుంది. తిరానో చేరేసరికి 429 మీటర్లకు దిగిపోతారు. పొద్దున స్వెటర్ వేసుకున్నవాళ్లు మధ్యాహ్నానికి తీసేసి సంచీలో పెట్టుకోవాలి. తిరానో ఇటలీ కాబట్టి పాస్‌పోర్టులు దగ్గర ఉంచుకోండి. షెంగెన్ వీసా రెండు దేశాలకూ చెల్లుతుంది, స్విస్ పాస్ కూడా తిరానో స్టేషన్ దాకా పనిచేస్తుంది.

ఇక ఇంటర్‌లాకెన్. ఆ ఊళ్లో రెండు స్టేషన్లు ఉన్నాయి, వెస్ట్, ఓస్ట్. కొండ రైళ్లన్నీ ఓస్ట్ నుంచే బయల్దేరతాయి, హోటల్ దానికి నడిచే దూరంలో తీసుకో. ఎదురుగానే కోప్ సూపర్ మార్కెట్ ఉంది, పాలు, పెరుగు, పండ్లు, బియ్యం దొరుకుతాయి. జూరిచ్ విమానాశ్రయం కిందే రైల్వే స్టేషన్. దిగిన రోజు ఎక్కడా ఆగకుండా బెర్న్ మీదుగా ఇంటర్‌లాకెన్ వచ్చేయండి, రెండుంపావు గంటల ప్రయాణం. ఆ రోజు ఇంకేం పెట్టుకోవద్దు.

అక్కడ నుంచి లౌటర్‌బ్రున్నెన్, గ్రిండెల్‌వాల్డ్ వెళ్లే బండి ఒక్కటే. కానీ ట్స్‌వైల్యూట్షినెన్ అనే స్టేషన్లో అది రెండుగా విడిపోతుంది, సగం ఇటూ సగం అటూ. ఎక్కేటప్పుడే పెట్టె మీద రాసి ఉన్న ఊరి పేరు చూసుకుని ఎక్కండి. మీరు ఒక పెట్టెలో, అల్లుడూ పిల్లాడూ ఇంకో పెట్టెలో ఉంటే తలో ఊరికీ చేరతారు!

లౌటర్‌బ్రున్నెన్ నుంచి కేబుల్ కారు, ఆపైన చిన్న రైలు ఎక్కి మ్యూరెన్ వెళ్లండి. కార్లు లేని ఊరు. రైల్లో కూర్చుంటే లోయ అవతల ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రౌ మూడు శిఖరాలూ వరసగా కనిపిస్తాయి. స్విస్ ట్రావెల్ పాస్ ఉంటే అక్కడిదాకా పైసా కట్టక్కర్లేదు. మీ అమ్మ కూడా ఇబ్బంది పడకుండా చూడగలిగే చోటు అది. ఇంకో రోజు బ్రీన్జ్ సరస్సు మీద పడవ, అది కూడా పాస్‌లో కలిసే ఉంటుంది. బ్రీన్జ్‌లో దిగితే 1892లో మొదలైన రోట్‌హోర్న్ కొండ రైలు ఉంది, బొగ్గు, నూనె, ఆవిరి వాసనతో. దానికి పాస్ మీద సగం ధర. పిల్లాడు ఎగిరి గంతేస్తాడు.

యుంగ్‌ఫ్రౌయోక్ సంగతి వేరు. 3,454 మీటర్ల ఎత్తులో స్టేషన్, 1912 నాటికి కొండను తొలిచి అక్కడిదాకా రైలు వేశారు. ఖర్చు ఎక్కువ, పాస్ ఉన్నా పై భాగానికి నాలుగో వంతే తగ్గుతుంది. మబ్బు పట్టిన రోజు వెళ్తే తెల్లటి గోడ తప్ప ఏమీ కనిపించదు. అందుకని తేదీ ముందే ఖాయం చేసుకోవద్దు. మూడు రోజులున్నాయి కదా, పొద్దున లేచి పైన పెట్టిన కెమెరాల దృశ్యం ఫోన్లో చూసి, తేటగా ఉన్న రోజు బయల్దేరండి. జూలై, ఆగస్టుల్లో అయితే రద్దీకి సీటు రిజర్వేషన్ ముందే కావాలి, అక్టోబరులో అంత ఒత్తిడి ఉండదు. మీ అమ్మ విషయంలో మాత్రం డాక్టర్ని అడగందే తీసుకెళ్లొద్దు. అంత ఎత్తులో గాలి పల్చన, మెట్లెక్కితే మామూలువాళ్లకే ఆయాసం. డాక్టర్ వద్దంటే తను కింద బండి మారే స్టేషన్ క్లైనె షైడెగ్ దాకా వచ్చి, అక్కడ ఎండలో కూర్చుని శిఖరాలను చూస్తూ ఉండొచ్చు. అల్లుడూ పిల్లాడూ పైకి వెళ్లొస్తారు, నువ్వు అమ్మ పక్కన ఉండు. ఇందులో పోయేదేమీ లేదు, నాకు షైడెగే ఎక్కువ ఇష్టం.

అయిదో రోజు ఊరు మారడం. పొద్దున ఎనిమిదింటికల్లా బయల్దేరండి. బెర్న్ మీదుగా కాకుండా బ్రూనిగ్ కనుమ మీదుగా లుసెర్న్ వచ్చి, అక్కడి నుంచి తాల్‌విల్ మీదుగా కూర్ వెళ్లండి. ఇంటర్‌లాకెన్‌లో కుడివైపు కూర్చోండి. మైరింగెన్‌లో రైలు ఆగి, వచ్చినవైపే మళ్లీ బయల్దేరుతుంది. కంగారుపడి సీట్లు మారొద్దు, మీ కిటికీ తర్వాతి సరస్సుల వైపే ఉంటుంది. లుసెర్న్ స్టేషన్ లాకర్లో పెట్టెలు పడేసి, పక్కనే ఉన్న పాత చెక్క వంతెన చూసి, భోంచేసి బయల్దేరండి. నీ లిస్టులో లుసెర్న్ కూడా అయిపోయినట్టే.

పాస్ లెక్క చెబుతాను. స్విస్ ట్రావెల్ పాస్ 3, 4, 6, 8, 15 రోజులకు ఉంటుంది. మీకు ఏడు రోజులు ప్రయాణం పడుతుంది. 6 రోజులది కొని ఆఖరి రోజు పోంట్రెసినా నుంచి విమానాశ్రయానికి విడిగా టికెట్ కొనడం కంటే 8 రోజుల పాసే చవక పడొచ్చు, కొనేముందు రెండూ కూడి చూడు. రెండో తరగతి చాలు, కిటికీలు ఒకటే. పిల్లాడికి ఉచిత ఫ్యామిలీ కార్డు ఇస్తారు, పదహారేళ్లు నిండేదాకా తల్లి లేదా తండ్రితో ఉంటే టికెట్ అక్కర్లేదు. పాస్ కొనేటప్పుడే అడిగి తీసుకోవాలి. సగం ధర కార్డు ఇంకొకటి ఉంది. కొండ రైళ్లే ఎక్కువగా ఎక్కేవాళ్లకు అది లాభం. ఇంత దూరం తిరిగే మీకు పాసే మంచిది, ఏ బండి కనిపిస్తే అది ఎక్కొచ్చు, టికెట్ల టెన్షన్ ఉండదు.

ఫోన్లో స్విస్ రైల్వే వాళ్ల ఎస్‌బీబీ యాప్ పెట్టుకోండి, ప్లాట్‌ఫాం నంబరుతో సహా చెబుతుంది. బండి మారడానికి ఆరు నిమిషాలే ఉందని చూసి గాభరా పడకండి, అక్కడ బండ్ల వేళలు ఒకదానికొకటి అందేలా అమర్చే పెడతారు. అందకపోయినా గంటలోపు ఇంకోటి వస్తుంది. అయితే మీ అమ్మ నడక చూసుకుని, ఊరు మారే రోజు మాత్రం పది నిమిషాలకు తగ్గకుండా ఉన్న బండ్లే ఎంచుకో. మనిషికి ఒక్కటే మధ్యరకం పెట్టె. బాత్రూం అవసరాలు పెద్ద రైల్లోనే తీర్చుకోండి, స్టేషన్లలో డబ్బులు తీసుకుంటారు, కొండ రైళ్లలో చాలావాటిలో అసలు ఉండదు.

తిండి. మన మూడు పిన్నుల ప్లగ్గులు అక్కడ పట్టవు, సన్నటి రెండు పిన్నులవి పడతాయి. చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్‌కి అడాప్టర్ తీసుకెళ్లు, వీలైతే వంటగది ఉన్న అపార్ట్‌మెంటే చూడు. పులిహోర పేస్టు, కందిపొడి, ఆవకాయ చాలు. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు పెట్టొద్దు. మన దేశం నుంచి పాల, మాంసపు పదార్థాలు అక్కడికి తీసుకురానివ్వరు. పొద్దునే పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకుంటే రైల్లో కూర్చుని తినొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు, వాళ్లూ శాండ్‌విచ్‌లు తెచ్చుకుని తింటారు. నీళ్లు కొనకండి, కుళాయి నీళ్లూ వీధి ఫౌంటెన్ల నీళ్లూ తాగేవే. ‘కైన్ ట్రింక్‌వాసర్’ అని బోర్డు ఉన్నచోట మాత్రం తాగొద్దు. ఆదివారం దుకాణాలు చాలావరకు మూసేస్తారు, సరుకులు శనివారమే తెచ్చుకోండి.

వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు. ఆలస్యం చేయకు, స్లాట్లు దొరకడం కష్టం. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. మీ అమ్మకు ఇప్పటికే ఉన్న బీపీ సమస్యలకు కూడా వర్తించే బీమా ఏదో అడిగి చూసి తీసుకో. తన మందులు చేతి సంచీలోనే పెట్టించు, చీటీ ఇంగ్లీషులో రాయించు.

దసరాకే అనుకుంటే నాకు ఈ వారంలో చెప్పు. పోంట్రెసినాలో స్టేషన్‌కు దగ్గరగా, లిఫ్టు ఉన్న గది కోసం నేనూ వెతుకుతాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ