పాఠకుల ప్రశ్నలు: రేగెన్స్‌బుర్గ్ డోమ్‌లో పది నిమిషాల చీకటి

పోయిన నెల ఈ శీర్షికలో మా ఊరు రేగెన్స్‌బుర్గ్ గురించి నాలుగు మాటలు రాస్తే, ఎన్నడూ లేనన్ని ఉత్తరాలు వచ్చాయి. తెలియని వాళ్ళ కోసం చెప్తాను: ఇది జర్మనీలో, బవేరియా రాష్ట్రంలో, డాన్యూబ్ నది ఒడ్డున ఉన్న పాత ఊరు. ఊరి మధ్యలో సెయింట్ పీటర్ కేథడ్రల్. ఇక్కడ అందరూ దాన్ని ‘డోమ్’ అంటారు. నేను ఈ ఊరికి వచ్చి పదకొండేళ్ళయింది. మా ఇంటికి వచ్చే చుట్టాలందరికీ జీతం లేని గైడ్‌ని నేనే. కాబట్టి కింది జవాబుల్లో కాస్త దబాయింపు కనిపిస్తే సర్దుకుపొండి.

ప్రశ్న: మా అబ్బాయి మ్యూనిక్‌లో ఉంటాడు. జూన్‌లో నేనూ మా ఆవిడా వెళ్తున్నాం. వాడేమో “పొద్దున నూరెంబర్గ్, మధ్యాహ్నం రేగెన్స్‌బుర్గ్, రాత్రికి ఇల్లు” అంటున్నాడు. మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. అయ్యే పనేనా?

అయ్యే పనే గాని, చేయదగ్గ పని కాదండీ. అలా వస్తే మీకు గుర్తుండేవి రెండు రైల్వేస్టేషన్లు మాత్రమే. నూరెంబర్గ్‌ని ఇంకో రోజుకి పెట్టుకోమని మీ అబ్బాయికి నా మాటగా చెప్పండి.

ఆదివారం రండి. దానికి రెండు కారణాలున్నాయి. మొదటిది టికెట్. ‘బయర్న్ టికెట్’ అని ఒకటి ఉంది. ఒక్క టికెట్ మీద ఐదుగురి దాకా రోజంతా బవేరియాలో తిరగొచ్చు. ప్రాంతీయ రైళ్ళకే చెల్లుతుంది, పెద్ద ఎక్స్‌ప్రెస్‌లకు కాదు. మామూలు రోజుల్లో పొద్దున తొమ్మిది దాటాకే వాడాలి. శని, ఆదివారాల్లో ఆ షరతు లేదు. టికెట్ మీద పేర్లు రాయడం మర్చిపోకండి, చెక్ చేసేవాళ్ళు అదే ముందు చూస్తారు. మ్యూనిక్ నుంచి ప్రయాణం గంటన్నర.

రెండో కారణం పాట. ఆదివారం పది గంటల ప్రార్థనలో డోమ్‌ష్పాట్సెన్ పాడతారు. ఆ మాటకి ‘డోమ్ పిచ్చుకలు’ అని అర్థం. 975లో బిషప్ వోల్ఫ్‌గాంగ్ పెట్టిన బడి నుంచి వచ్చిన మగపిల్లల బృందం ఇది. అంటే వెయ్యేళ్ళు దాటాయి. 2022 నుంచి ఆ బడిలో ఆడపిల్లల్ని కూడా చేర్చుకుంటున్నారు. తొమ్మిదిన్నరకల్లా లోపల కూర్చుంటే చాలు, ఏ మతం వారైనా కూర్చోవచ్చు. ప్రార్థన జరుగుతున్నంతసేపూ తిరగకూడదు, ఫోన్ తీయకూడదు. అయితే బడికి సెలవులుంటే పిచ్చుకలూ ఉండవు. నేను మా అత్తగారినీ మామగారినీ ఎంతో గొప్పగా చెప్పి ఆగస్టులో తీసుకెళ్ళాను. పెద్దవాళ్ళెవరో పాడారు, మామగారు మర్యాదకి బాగుందన్నారు. జూన్ మొదట్లో పెంటెకోస్ట్ సెలవులు పడొచ్చు, మీ అబ్బాయిని ముందే తేదీలు చూడమనండి.

మోకాళ్ళ సంగతి. స్టేషన్ నుంచి డోమ్‌కి ఒకటే తిన్నని దారి, పావుగంట నడక, బస్సు కూడా ఉంది. పాత ఊళ్ళో మెట్ల బాధ లేదు గాని రాళ్ళు పరిచిన వీధులు ఉన్నాయి. కొత్త చెప్పులతో రావద్దు. చక్రాల సూట్‌కేసుంటే స్టేషన్ లాకర్లో పెట్టేయండి. ఆ రాళ్ళ మీద దాన్ని లాగుతుంటే వీధి వీధంతా మనల్నే చూస్తుంది.

ప్రశ్న: మేం డోమ్ చూశాం. బయట నుంచి బ్రహ్మాండం. లోపలికెళ్తే అంతా చీకటి, ఏమీ కనపడలేదు. ఐదు నిమిషాల్లో బయటికొచ్చేశాం. మీరు దాన్ని అంత పొగడడం ఎందుకో అర్థం కాలేదు.

ఆ ఐదు నిమిషాలే చేటు తెచ్చాయి. ఇంకో పది ఉండి ఉంటే మీరు ఈ ఉత్తరం రాసేవారు కాదు.

ఎండలోంచి లోపలికి అడుగు పెడితే ఎవరికైనా చీకటే. ఆ డోమ్ చీకటిగా ఉండడానికి కారణం దాని కిటికీలు. చాలావరకు 13, 14 శతాబ్దాల నాటి రంగుటద్దాలు. చిక్కటి ఎరుపు, నీలం. మామూలు అద్దంలా వెలుతురు పంపవు, వడగడతాయి. కాబట్టి వెళ్ళగానే ఏదో ఒక బల్ల మీద కూర్చోండి. ఫోన్ చూడొద్దు, తెర వెలుగు పడితే కళ్ళు మళ్ళీ మొదటికొస్తాయి. ముందు నీలాలు విచ్చుకుంటాయి, తరవాత స్తంభాలు, ఆ తరవాత దాదాపు 32 మీటర్ల ఎత్తున పైకప్పు. ఎండ ఉన్న రోజు దక్షిణం వైపు కిటికీల రంగులు నేల మీద పడి మెల్లగా జరుగుతుంటాయి.

అప్పుడు లేచి ముందుకి నడవండి. నడవా అడ్డ నడవాని కలిసే చోట ఒక స్తంభానికి దేవదూత గాబ్రియేల్, ఎదురు స్తంభానికి మేరీమాత ఉంటారు. 1280 ప్రాంతంలో చెక్కిన రాతి బొమ్మలు. గాబ్రియేల్ నవ్వుతుంటాడు. చిరునవ్వు కాదు, పళ్ళు కనపడేంత నవ్వు. మా నాన్నకి ఆయన ఎవరో తెలియదు, నేనూ చెప్పలేదు. కాసేపు చూసి, “ఈయనెవరో గాని ఏదో శుభవార్త మోసుకొచ్చాడమ్మా, చెప్పకుండా ఆపుకోలేకపోతున్నాడు” అన్నారు. గాబ్రియేల్ కథే అది, నీకు కొడుకు పుడతాడని మేరీకి చెప్పడానికి వచ్చాడు. ఏడొందల ఏళ్ళ కిందటి శిల్పి మా నాన్నకి నేరుగా అర్థమైపోయాడు!

వెనక్కి వచ్చేటప్పుడు పెద్ద గుమ్మానికి రెండు పక్కలా లోపలి గోడలో చిన్న గూళ్ళు చూడండి. ఒకదాంట్లో సైతాను, ఇంకోదాంట్లో సైతాను అమ్మమ్మ. నిజంగానే దాని పేరు అదే. తల పైకెత్తితే ఉత్తరం వైపు గాలిలో వేలాడే ఆర్గాన్ కనిపిస్తుంది. 2009లో పెట్టారు. దాదాపు 37 టన్నుల బరువు, నాలుగు ఉక్కు తాళ్ళ మీద. వాయించే ఆయన లిఫ్టులో పైకి వెళ్తాడు. మా పాపకి మొత్తం డోమ్‌లో నచ్చింది ఆ లిఫ్టు ఒక్కటే.

ఇక బయట మీకు బ్రహ్మాండంగా కనిపించిన ఆ జంట గోపురాల సంగతి. 1273లో పాత చర్చి కాలిపోయాక ఈ గోతిక్ కట్టడం మొదలుపెట్టారు. 1500ల మొదట్లో పని ఆగిపోయింది. గోపురాలు పూర్తయింది 1869లో, 105 మీటర్ల ఎత్తున. అంటే మధ్యలో మూడొందల ఏళ్ళకు పైగా ఈ డోమ్ మొండి గోపురాలతోనే ఉంది. ఉత్తరం వైపు పొట్టిగా ఒక గోపురం అతుక్కుని ఉంటుంది, దాన్ని ‘గాడిద గోపురం’ అంటారు. కాలిపోయిన పాత చర్చిలో మిగిలింది అదే. లోపల మెట్లు కాకుండా వాలుదారి ఉంటుంది, గాడిదల మీద సామాన్లు పైకి చేర్చేవారని చెప్తారు.

ప్రశ్న: రాతి వంతెనని సైతాను కట్టించిందంటారు కదా, ఆ కథేమిటి? (మా తొమ్మిదో తరగతి అబ్బాయి అడగమన్నాడు.)

బాబూ, కథ ఇది. వంతెన కట్టే మేస్త్రీ, డోమ్ కట్టే మేస్త్రీ పందెం వేసుకున్నారట, ఎవరు ముందు పూర్తి చేస్తారా అని. వంతెన మేస్త్రీ వెనకబడి సైతాను సాయం అడిగాడు. సరే, వంతెన దాటే మొదటి మూడు ప్రాణాలు నావి అంది సైతాను. వంతెన అయ్యాక మేస్త్రీ ఒక కోడిపుంజునీ, పెట్టనీ, కుక్కనీ తోలాడు. సైతానుకి ఒళ్ళు మండి కింద నుంచి ఒక్క తోపు తోసింది. అందుకే వంతెన నడుము ఇప్పటికీ పైకి లేచి ఉంటుంది.

కథలో చిక్కు ఒకటే. వంతెన 1135లో మొదలై 1146కల్లా పూర్తయింది. డోమ్ మొదలయ్యేసరికి ఆ మేస్త్రీ పోయి వందేళ్ళయి ఉంటుంది. వంతెన మధ్యలో ఒక చిన్న రాతి మనిషి కూర్చుని, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని డోమ్ వైపు చూస్తుంటాడు. ‘బ్రుక్‌మాండ్‌ల్’ అంటారు. పందెం ఇంకా నడుస్తోందని ఆయన నమ్మకం కాబోలు.

అసలు కథ ఇంకా బాగుంటుంది. ఎనిమిదొందల ఏళ్ళపాటు ఈ ఊళ్ళో డాన్యూబ్ మీద ఉన్నది ఈ ఒక్క వంతెనే. 1189లో చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసా జెరూసలేం కోసం సాగిన మతయుద్ధానికి, అంటే మూడో క్రూసేడ్‌కి, ఇక్కడి నుంచే బయల్దేరాడు. 1945 ఏప్రిల్‌లో వెనక్కి తగ్గుతూ జర్మన్ సైన్యమే కొన్ని కమానులు పేల్చేసింది. పదహారు కమానుల్లో ఇప్పుడు పదిహేనే కనిపిస్తాయి. హోరెత్తే సుడులు చూడాలంటే స్తంభాల దగ్గర కిందకి చూడు. ఈత మాత్రం వద్దు. 2018 దాకా ఎనిమిదేళ్ళు మరమ్మతులు జరిగాయి. ఇప్పుడు కార్లూ బస్సులూ లేవు. సాయంత్రం నీళ్ళ అవతల స్టాట్‌ఆమ్‌హోఫ్ వైపు నుంచి వెనక్కి తిరిగి చూస్తే ఊరంతా డోమ్ చుట్టూ ముడుచుకు కూర్చున్నట్టుంటుంది.

ప్రశ్న: నోయ్‌ఫార్‌ప్లాట్జ్ అనే చౌక్‌లో తెల్లటి రాతి అరుగులుంటే కూర్చుని ఐస్‌క్రీమ్ తిన్నాం. తరవాత ఎవరో అది పాత యూదుల ప్రార్థనామందిరం జాగా అన్నారు. అప్పటి నుంచి మనసు పీకుతోంది. తప్పు చేశామా?

తప్పేమీ లేదండీ. ఆ అరుగులు కట్టిన ఇజ్రాయెల్ శిల్పి డానీ కారవాన్ దాన్ని జనం కలిసి కూర్చునే చోటుగానే తలపెట్టాడు. 2005లో కట్టారు. అవి ఆ మందిరం గోడలు, స్తంభాలు ఎక్కడెక్కడ ఉండేవో చూపే రాళ్ళు. పిల్లలు వాటి మీద గెంతుతుంటే ఎవరూ వారించరు.

కూర్చున్నప్పుడు తెలిసి ఉండాల్సింది ఒకటుంది. 1519 ఫిబ్రవరిలో ఈ ఊరి పాలకులు యూదులందరినీ వెళ్ళగొట్టి మందిరాన్ని కూల్చేశారు. కూల్చే ముందు దాని లోపలి దృశ్యాన్ని చిత్రకారుడు ఆల్‌బ్రెష్ట్ ఆల్ట్‌డోర్ఫర్ గీసి ఉంచాడు. అది ఎలా ఉండేదో ఈనాడు తెలిసింది ఆయన వల్లే. ఆయన ఊరి సభలో సభ్యుడు కూడా. ఈ రెండు సంగతులూ నాకు ఇప్పటికీ ఒక మనిషిలో ఇమడవు. డోమ్ దక్షిణం వైపు బయటి గోడ మీద యూదుల్ని హేళన చేసే ఒక మధ్యయుగపు శిల్పం ఇంకా ఉంది. పక్కన వివరణ పలక పెట్టారు. డోమ్‌ని పొగిడినదాన్ని కాబట్టి ఇదీ చెప్పాలి.

ప్రశ్న: శాకాహారులం. ఏం తినాలి?

వంతెన పక్కన పొగ వచ్చే చిన్న పాత సాసేజ్ కొట్టు ఉంటుంది, అందరూ ఫొటో తీస్తారు. అక్కడి సంగతంతా పంది మాంసమే. ఫొటోతో ఆపండి.

మా అత్తగారు గుడ్డు కూడా ముట్టరు, ఆవిడ పుణ్యమా అని నేర్చుకున్నవి చెప్తాను. కేజె ష్పెట్‌స్లె అని చీజ్ వేసిన నూడుల్స్ వస్తాయి, మెనూలో శాకాహారమనే ఉంటుంది గాని పిండిలో గుడ్డు కలుపుతారు. బంగాళదుంప సలాడ్ అమాయకంగా కనిపిస్తుంది, బవేరియాలో దాన్ని తరచు మాంసపు రసంతో చేస్తారు. పుల్ల క్యాబేజీలో బేకన్ ముక్కలు పడొచ్చు. ఓబాట్స్‌డా అనే చీజ్ ముద్దలో కొందరు చెంచాడు బీరు కలుపుతారు. ఆర్డర్ ఇచ్చే ముందు ప్రతిసారీ అడగండి.

ఇన్ని టెన్షన్లు ఎందుకనుకుంటే పులిహోర కట్టుకురండి. నిజంగానే. బవేరియాలో సంప్రదాయపు బియర్‌గార్టెన్‌లో, అంటే ఆరుబయట బీరు తాగే తోటలో, మన తిండి మనం తెచ్చుకుని తినొచ్చు, తాగేది మాత్రం వాళ్ళ దగ్గర కొనాలి. గుడ్డ పరచని బల్లలు చూసుకుని కూర్చోండి. ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసేస్తారు కాబట్టి పెరుగు, పళ్ళు శనివారమే కొనుక్కోండి.

ప్రశ్న: వాన పడితే?

పాత టౌన్‌హాల్. 1663 నుంచి 1806 దాకా పవిత్ర రోమన్ సామ్రాజ్యపు (అప్పటి జర్మన్ రాజ్యాల కూటమి) సభ, కొద్దికాలం తప్ప, ఇక్కడే సాగింది. గైడ్‌తోనే లోపలికి పంపుతారు. మనం ‘నాన్చడం’ అనేదాన్ని జర్మన్లు ‘పొడుగు బెంచీ మీదకి నెట్టడం’ అంటారు. ఆ నుడికారం ఈ సభలోని బెంచీల నుంచే పుట్టిందని గైడ్లు చెప్తారు. కింద చిత్రహింసల గది కూడా ఉంది, చిన్నపిల్లలుంటే ముందే ఆలోచించుకోండి.

ప్రశ్న: ఫిజిక్స్ టీచర్ని. ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ సమాధి ఆ ఊళ్ళోనే ఉందని చదివాను. ఎక్కడ?

ఉండేది మాస్టారూ, ఇప్పుడు లేదు. 1630లో చక్రవర్తి నుంచి రావాల్సిన బకాయిల కోసం ఆయన ఇక్కడికి వచ్చాడు. దాదాపు 12,000 గిల్డర్లు. చలిలో గుర్రమ్మీద చాలా దూరం ప్రయాణం చేసి వచ్చి జ్వరాన పడ్డాడు, నవంబర్ 15న పోయాడు. ఊరి గోడ బయట ప్రొటెస్టెంట్ల శ్మశానంలో పాతిపెట్టారు. అప్పట్లో యూరప్‌లో సాగుతున్న ముప్పై ఏళ్ళ యుద్ధంలో ఆ శ్మశానమే చెదిరిపోయింది.

ఆయన కన్నుమూసిన ఇల్లు మాత్రం ఉంది, కెప్లర్ వీధిలో, వంతెన నుంచి ఐదు నిమిషాల నడక. ఆయన తల బొమ్మ చూడాలంటే పడవెక్కి వాల్‌హల్లాకి వెళ్ళండి. రాజు మొదటి లుడ్విగ్ కట్టించిన గ్రీకు గుడిలాంటి భవనం, 1842లో తెరిచారు. నది ఒడ్డు నుంచి 358 మెట్లు. మొదటి ప్రశ్న అడిగిన వారు మాత్రం కారులో వెనక దారి నుంచి వెళ్ళాలి.