ఆరు సెకన్ల దగ్గరే తేడా

ప్రశ్న: మా అబ్బాయి బరంపురంలో డిగ్రీ రెండో ఏడు. కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో గార్డు, బంతి ముందుకు తెచ్చి ఆట నడిపేవాడు. అమెరికా కాలేజీ మ్యాచ్‌లు తెగ చూస్తాడు. అక్కడ చెలరేగి ఆడినవాళ్ళు కూడా అక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏకి వెళ్ళాక తడబడతారేమండీ? కాలేజీ ఆట అక్కరకు రాదా?
– ఒక తండ్రి, పర్లాకిమిడి

జవాబు: వస్తుందండీ. బంతి పట్టు, కాళ్ళ కదలిక, డిఫెన్స్‌లో తోటివాడికి సాయం వెళ్ళడం కాలేజీలోనే గట్టిపడతాయి. ఎన్‌బీఏ మేటి టిమ్ డంకన్ వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీలో నాలుగేళ్ళూ ఆడి, 1997లో ఎన్‌బీఏ జట్లు కొత్తవాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొట్టమొదట ఎంపికయ్యాడు.

తడబాటు గడియారం దగ్గర. బంతి చేతికొచ్చాక షాట్ వేయడానికి అక్కడి కాలేజీ పురుషుల ఆటలో 30 సెకన్లు, ఎన్‌బీఏలో 24. సగం కోర్టు దాటడానికి కాలేజీలో 10, ఎన్‌బీఏలో 8. కాలేజీలో మొదటి స్క్రీన్ (తోటివాడు అడ్డు నిలబడి కాపలావాణ్ణి ఆపడం) పారకపోతే బంతి వెనక్కి తెచ్చి మళ్ళీ పేర్చుకోవచ్చు. ఎన్‌బీఏలో స్క్రీన్ దాటుతూనే షాటా, పాసా తేల్చుకోవాలి. ఆ అలవాటు లేని గార్డు ఒక డ్రిబుల్ ఎక్కువ కొడతాడు, ఈలోగా దారి మూసుకుపోతుంది.

పొడుగు ఆటగాళ్ళది ఇంకో ఇబ్బంది. కాలేజీలో రింగు కింద పాతుకుపోయి బ్లాక్ చేయొచ్చు. ఎన్‌బీఏలో చేతి దూరంలో ఎవరినీ కాయకుండా పెయింట్‌లో, అంటే రింగు ముందు గీసిన పెట్టెలో, 3 సెకన్లు మించి నిలబడితే ఎదుటి జట్టుకు ఫ్రీ త్రో, అంటే ఎవరూ అడ్డుకోని షాట్. బయటికి రాక తప్పదు, కాళ్ళు చురుగ్గా లేనివాడు అక్కడే దొరికిపోతాడు.

మీ అబ్బాయికి ఒక మేలుంది. మన దగ్గర ఆడే ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నిబంధనల్లోనూ 24, 8 సెకన్లే. మైదానంలో షాట్ గడియారం లేకపోతే ప్రాక్టీసులో ఒకరు బయట నిలబడి పైకి లెక్కపెట్టాలి. సగం కోర్టు నుంచి మొదలుపెట్టి 14 సెకన్లలో షాట్ వేయాలి.

అన్నిటికన్నా ముందు టేపుతో త్రీ పాయింట్ గీత (దాని అవతల నుంచి వేస్తే మూడు పాయింట్లు) కొలవమనండి. రింగు నడిమధ్యకు సూటిగా కింద నేల మీద గుర్తు పెడితే, అక్కణ్ణుంచి 6.75 మీటర్లు రావాలి. 2010కి ముందు గీసిన కోర్టయితే 6.25 ఉండొచ్చు. ఆ గీత మీద చెయ్యి కుదిరినవాడికి టోర్నమెంటులో బంతి రింగు ముందంచుకే కొట్టుకుంటుంది. ఎన్‌బీఏ గీత 7.24. మూలల్లో మాత్రం ఫిబాది 6.60, ఎన్‌బీఏది 6.70, తేడా పది సెంటీమీటర్లే. అందుకని దూరం షాట్లు మూల నుంచే మొదలుపెట్టాలి. భుజంతో తోస్తే బంతి చదునుగా పోతుంది. పాసు చేతికందేసరికే మోకాళ్ళు వంగి ఉండాలి. వరసగా ముందంచుకే తగులుతున్నాయంటే కాళ్ళు అలిసిపోయినట్టు, ఆ పూటకు దూరం షాట్లు ఆపేయమనండి.