ఆ యూరిన్ పైపు ఇంకా ఎందుకుంది? ముందు అది అడగండి

ప్రశ్న: మా నాన్నగారికి 79 ఏళ్లు. బాత్రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేయించాం. అప్పుడు వేసిన యూరిన్ పైపుతోనే ఇంటికి పంపారు, ఐదు వారాలైంది. ఇప్పుడు వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నారు. పది రోజులుగా యూరిన్ మడ్డిగా, వాసనగా వస్తోంది. జ్వరం లేదు. దగ్గర్లోని ఆర్ఎంపీ ఇన్ఫెక్షన్ అని రెండుసార్లు యాంటీబయాటిక్స్ ఇచ్చారు, తేడా లేదు. పైపు పక్క నుంచి కారి పక్కంతా తడుస్తోంది. లావు పైపు వేయిస్తే సరిపోతుందా? రాత్రిళ్లు దాన్ని పట్టుకుని లాగేస్తున్నారు, చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: చూడండమ్మా, మీరు అడగని ప్రశ్నతో మొదలుపెడతాను. ఆ పైపు ఇంకా ఎందుకుంది? తుంటి ఆపరేషన్ రోజున వేయడం మామూలే, అప్పుడు మనిషి పక్కకి కూడా తిరగలేడు. కానీ వేరే కారణం లేకపోతే ఒకటి రెండు రోజుల్లో తీసేయాలి. తీయడం మర్చిపోయో, డైపర్ల గోల తప్పుతుందిలే అనో అలాగే ఇంటికి పంపేయడం మేం చూస్తూనే ఉంటాం. డిశ్చార్జ్ సమ్మరీ తీసి చూడండి. యూరిన్ ఆగిపోయిందనో, ప్రోస్టేట్ పెద్దదైందనో రాసి ఉంటే సంగతి వేరు. ఏ కారణమూ లేకపోతే మాత్రం, నాలుగడుగులు వేస్తున్న మనిషికి పైపుతో పని లేదు. పెద్దవాళ్లలో వచ్చే చిక్కులన్నీ అది లోపల ఉన్న రోజుల కొద్దీ పెరిగేవే.

ఇక మడ్డి యూరిన్ సంగతి. పైపు ఉన్నవాళ్లలో రోజుకి నూటికి 3 నుంచి 7 మంది చొప్పున యూరిన్‌లో బ్యాక్టీరియా చేరుతుంది, నెల దాటితే దాదాపు అందరిలోనూ ఉంటుంది. కుళాయి గొట్టంలో పాచి పట్టినట్టు పైపు గోడకి జిగురు పొర పట్టేసి బ్యాక్టీరియా అందులో తిష్ఠ వేస్తుంది, మందు అక్కడిదాకా సరిగా చేరదు. అందుకే మీ నాన్నగారికి రెండు కోర్సులు వాడినా తేడా కనిపించలేదు. ఒంట్లో బాగున్నప్పుడు రంగు చూసో, వాసన చూసో, కల్చర్ (యూరిన్‌లో ఏ బ్యాక్టీరియా ఉందో పెంచి చూసే పరీక్ష) రిపోర్టు చూసో యాంటీబయాటిక్ వాడితే మిగిలేది మందుకి లొంగని బ్యాక్టీరియా, పైగా విరేచనాలు. జ్వరం, వణుకు, పొత్తికడుపులోనో నడుము పక్కనో నొప్పి, ఉన్నట్టుండి మనిషి మగతగా అయిపోవడం, బీపీ పడిపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పైపు ఇంకా అవసరమైతే ముందు పాతది మార్చి, కొత్త పైపు నుంచి శాంపిల్ తీసి, ఆ తర్వాత మందు మొదలుపెట్టాలి. బ్యాగులోంచి పట్టిన యూరిన్‌తో చేసే కల్చర్ నమ్మదగ్గది కాదు.

లావు పైపు మాత్రం వద్దు. దానితో మూత్రాశయం ఇంకా ఎక్కువగా బిగుసుకుంటుంది, కారడం పెరుగుతుంది. నాకు మొదటి అనుమానం మలబద్ధకం మీదే. తుంటి నొప్పికి ట్రమడాల్ లాంటి మాత్రలు వేసుకుంటుంటే మోషన్ గట్టిపడి మూత్రాశయాన్ని నొక్కుతుంది. పైపు తొడ కింద మడత పడిందేమో కూడా చూడండి. రెండూ కాకపోతే పైపు లోపల సున్నం లాంటి పెచ్చు కట్టి ఉండొచ్చు. ప్రోటియస్ అనే బ్యాక్టీరియా యూరిన్‌ని క్షారంగా మార్చేస్తే లవణాలు గట్టిపడి పైపుని మూసేస్తాయి. పక్క నుంచి కారుతూ, బ్యాగులోకి కొన్ని గంటలుగా చుక్క రాక, పొత్తికడుపు గట్టిగా ఉంటే అది ఎమర్జెన్సీయే. మీది పసుపు రంగు రబ్బరు పైపు అయితే ఐదు వారాలు ఎక్కువే. సిలికాన్ పైపు మూడు నెలల దాకా ఉంచొచ్చు, మామూలు రబ్బరుది రెండు నుంచి నాలుగు వారాలకి మార్చాలి.

రాత్రిళ్లు లాగడం గురించి. లోపల ఆ పైపుని పట్టి ఉంచేది నీళ్లు నింపిన చిన్న బెలూన్, సాధారణంగా 10 మి.లీ. దాకా ఉంటాయి. బెలూన్ అలా ఉండగానే లాగితే మూత్రనాళం చిరుగుతుంది, రక్తం పడుతుంది, తర్వాత అక్కడే సన్నబడి యూరిన్ ధార తగ్గిపోతుంది. అలాగని చేతులు కట్టేయకండి, దానివల్ల మనిషి ఇంకా కంగారు పడతాడు. అసలు పెద్దవాళ్లలో మతి తప్పినట్టు మాట్లాడటానికి యూరిన్ పైపు కూడా ఒక కారణం. కొంచెం వదులు ఉంచి తొడకి ప్లాస్టర్‌తో అంటించండి. మీరే లాగి తీయడం, కత్తెరతో కత్తిరించడం లాంటివి చేయకండి, బెలూన్‌లో నీళ్లు సిరంజితో తీసే పని నర్సుకే వదిలేయండి.

తీసేదాకా బ్యాగు ఎప్పుడూ నడుముకి కింద ఉండాలి, నేల మీద మాత్రం కాదు. నడిపించేటప్పుడు చాలామంది వాకర్ పై కడ్డీకి తగిలించేస్తారు, అప్పుడు బ్యాగులోని యూరిన్ వెనక్కి పోతుంది. పైపు దగ్గర సబ్బు, నీళ్లతో కడిగితే చాలు, డెట్టాల్ అక్కర్లేదు. అంగం ముందు చర్మం వెనక్కి జరిపి కడిగితే మళ్లీ ముందుకి లాగండి, మర్చిపోతే వాచిపోయి అదో పెద్ద బాధ. అన్నట్టు, మలబద్ధకం ఉన్నవాళ్లకి ఒక్కోసారి బ్యాగు ఊదా రంగులోకి మారుతుంది. అది చూసి హడలిపోకండి, బ్యాక్టీరియా తయారుచేసే రంగు అది, కాకపోతే డాక్టర్‌కి ఓ మాట చెప్పండి.

తీయించేది పొద్దున పూట పెట్టుకోండి, సాయంత్రంలోగా యూరిన్ రాకపోతే డాక్టర్ దొరుకుతారు. ముందు మోషన్ ఫ్రీగా అయ్యేలా చూడాలి. జలుబు, అలర్జీ మాత్రలు కొన్ని యూరిన్‌ని ఆపేస్తాయి కాబట్టి వాడే మందులన్నీ చూపించండి. ప్రోస్టేట్ పెద్దదై ఉంటే రెండు మూడు రోజుల ముందు నుంచి యూరిన్ సులువుగా రావడానికి టాంసులోసిన్ అనే మందు ఇస్తారు, దానితో లేవగానే బీపీ పడిపోయే వీలుంది, ఒకసారి తుంటి విరిగిన మనిషి కాబట్టి మంచం మీద కాసేపు కూర్చోబెట్టి లేపండి. తీశాక మొదటి రోజు మంట, చుక్కలు చుక్కలుగా రావడం మామూలే. ఆరు గంటలైనా రాకపోయినా, పొత్తికడుపు ఉబ్బినా వెంటనే వెళ్లండి, స్కాన్‌లో లోపల ఎంత మిగిలిందో చూస్తారు. రాత్రి పక్క తడుస్తుందని భయమైతే యూరిన్ బాటిల్ మంచం పక్కనే పెట్టండి, లేదా కండోమ్ క్యాథెటర్ (అంగానికి బయట తొడిగే గొట్టం), డైపర్ వాడండి. వీటిలో ఏదైనా లోపలి పైపుకన్నా నయమే.