సీనియర్ ఫోటోల రోజు పిల్లలకు గుర్తుండిపోవాలంటే ఏం చేయాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. డాలస్ దగ్గర ఏడాదిగా హైస్కూల్ సీనియర్ ఫోటోలు తీస్తున్నానని రాశారు. ఫోటోలు బాగున్నాయని అందరూ అంటున్నా ఒక్కరూ ఇంకొకరికి మీ పేరు చెప్పడం లేదని, కానుకల పెట్టె, రిబ్బను, పేరు అచ్చేసిన సంచి ఇస్తే ఆ అనుభవం గుర్తుండిపోతుందా అని అడిగారు. నేను ఇదే ప్రాంతంలో పదకొండేళ్లుగా ఈ పని చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవారిలో సగానికి పైగా తెలుగు ఇళ్లవాళ్లే. అందుకే సూటిగా చెబుతున్నాను, పెట్టె సంగతి తరువాత చూసుకోండి. మీ కెమెరా ముందు నిలబడిన రెండు గంటలూ పదిహేడేళ్ల పిల్లకు తనను ఎవరో సరిదిద్దుతున్నట్టు అనిపించిందా, లేక ఎవరో శ్రద్ధగా చూస్తున్నట్టు అనిపించిందా? తను గుర్తుపెట్టుకునేది అదొక్కటే.

ఇండియాలో ఉండి ఇది చదివేవారికి రెండు ముక్కలు. అమెరికాలో పన్నెండో తరగతి వాళ్లను సీనియర్లు అంటారు. చాలా బడుల్లో, బడితో ఒప్పందం ఉన్న స్టూడియో అమ్మాయిల భుజాల మీద నల్ల వస్త్రం చుట్టి, అబ్బాయిలకు కోటూ బో టై తొడిగి ఇయర్‌బుక్ (బడి ఏటా వేసే ఫోటోల పుస్తకం) కోసం ఒక ఫోటో తీస్తుంది. అది కాక, పిల్లలు తమకు నచ్చిన బట్టల్లో, నచ్చిన చోట విడిగా ఫోటోలు తీయించుకుంటారు. మనం చేసేది ఆ రెండో పని. మన ఇళ్లలో అయితే దానికి లంగావోణీ, జడగంటలు, అమ్మమ్మ పంపిన హారం కూడా తోడవుతాయి.

మొదటి ఏడాది నేను చేసిన తప్పు చెబుతాను. ఒక అమ్మాయిని లంగావోణీలో వైట్ రాక్ లేక్ గట్టున నిలబెట్టి తీశాను. ఆ సాయంత్రం వెలుతురు అద్భుతంగా ఉంది. ఇంటికొచ్చి ఫోటోలు దిద్దుతుంటే వాళ్లమ్మగారు ఫోను చేసి, "కాస్త రంగు తేల్చండి, ఊళ్లో అందరికీ పంపాలి" అన్నారు. తేల్చాను. కంప్యూటర్‌లో అంతకంటే సులువైన పని లేదు. చూపించడానికి వాళ్లింటికి వెళ్లాను. తల్లి ఫోనులో ఆ అమ్మాయి మూడు ఫోటోలు చూసింది. నాలుగోది చూడలేదు. ఫోనును బల్ల మీద బోర్లా పెట్టి, మంచినీళ్లకని వంటగదిలోకి వెళ్లింది, మళ్లీ బయటికి రాలేదు. తల్లి మాత్రం "చాలా బాగా వచ్చాయండీ" అని మొత్తం డబ్బు చేతిలో పెట్టారు. ఆ ఇంటి నుంచి నాకు మరో ఫోను రాలేదు. ఆ అమ్మాయికి ఒక చెల్లెలుంది. మూడేళ్ల తరువాత ఆ పిల్ల ఫోటోలు వేరెవరో తీశారు.

మీ దగ్గర కూడా ఇదే జరిగిందని నేను అనడం లేదు. కానీ "బాగున్నాయి" అన్న మాట ఎవరి నోటి నుంచి వస్తోందో ఒకసారి గమనించండి. డబ్బు ఇచ్చేది తల్లిదండ్రులు. బడిలో మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర మీ పేరు చెప్పేది పిల్లలు.

ఆ తరువాత నేను ఎవరి ఒంటి రంగూ మార్చలేదు. బుకింగ్ మాట్లాడుకునే రోజే ఆ విషయం చెప్పేస్తాను. మొటిమలు తీసేస్తాను, అవి నెల తిరిగేసరికి ఎలాగూ ఉండవు. పుట్టుమచ్చ జోలికి, రంగు జోలికి పోను. గాయం మచ్చ ఉంటే పిల్లను విడిగా అడుగుతాను, ఉంచమంటే ఉంచుతాను. నిజం చెప్పాలంటే, రంగు తేల్చమన్న కోరికలో కొంత పాపం ఫోటో తీసేవాళ్లది కూడా. వెనకాల ఆకాశం ధగధగలాడుతుంటే కెమెరా ఆ ఆకాశాన్ని కొలుచుకుని చామనఛాయ ముఖాన్ని మసిబారుస్తుంది. పచ్చిక మీద కూర్చోబెడితే కింద నుంచి కొట్టే వెలుతురుకు గడ్డం కింద ఆకుపచ్చ నీడ పడుతుంది. ముఖం మీది వెలుతురునే కొలవండి. తెల్ల రిఫ్లెక్టర్‌ను, అంటే వెలుతురును ముఖం మీదికి మళ్లించే పలకను, ఛాతీ ఎత్తులో పట్టుకోండి. వెండి రంగుది వద్దు, నుదురూ ముక్కూ నూనె రాసినట్టు మెరుస్తాయి. రంగుల తూకం అక్కడే, ఆ వెలుతురులోనే సరిచూసుకోండి. ఇలా తీస్తే మన ఛాయ ఎంత అందంగా పలుకుతుందో తల్లులే చూసి ఆశ్చర్యపోతారు. గత ఐదారేళ్లలో రంగు గురించి అడిగినవాళ్లు ఇద్దరే ఇద్దరు.

ఇక అసలు పని ఫోటోలకు రెండు వారాల ముందే మొదలవుతుంది. పిల్లతో ఇరవై నిమిషాలు మాట్లాడతాను. అమ్మానాన్నలు పక్కన ఉండవచ్చు, జవాబులు మాత్రం పిల్లే చెప్పాలని మొదటే మనవి చేసుకుంటాను. "నీ ఫోటోల్లో నీకు నచ్చనిది ఏమిటి?" అన్నది నా మొదటి ప్రశ్న. నవ్వితే కళ్లు మూసుకుపోతాయి అంటారు. పళ్లకు తీగలు ఉన్నాయి అంటారు. ఒక అమ్మాయి ఎడమవైపు నుంచి తీస్తే తాను తనలా ఉండనంది. నాకు తేడా కనిపించలేదు, అయినా రెండు గంటలూ కుడివైపు నుంచే తీశాను. ఇంటికి వెళ్లేటప్పుడు ఆ పిల్ల థాంక్స్ చెప్పింది ఆ ఒక్క విషయానికే.

కళ్లద్దాల గురించి కూడా అప్పుడే అడగండి. ఎండకు నల్లబడే అద్దాలైతే ఆరుబయట ప్రతి ఫోటోలోనూ కళ్లు కనపడకుండా పోతాయి. కళ్లద్దాల దుకాణంలో అడిగితే అలాంటి ఫ్రేమే అద్దాలు లేకుండా ఒక రోజుకు ఇవ్వవచ్చు, ముందుగా కనుక్కోమనండి. మామూలు అద్దాలైతే చెవుల దగ్గర కాడలను రవ్వంత పైకి లేపండి. అద్దం కిందికి వాలుతుంది, మెరుపు తప్పుకుంటుంది.

అడగకూడని ప్రశ్న ఒకటుంది. "ఏ కాలేజీ?" అని ఎట్టి పరిస్థితుల్లోనూ అడగకండి. టెక్సాస్‌లో 1997 నాటి చట్టం ప్రకారం తరగతిలో తొలి 10 శాతంలో నిలిచినవారికి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో నేరుగా ప్రవేశం ఉంటుంది. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్‌కు ఆ గీత ఇంకా పైన ఉంటుంది. అందువల్ల ఇక్కడి పిల్లలు తొమ్మిదో తరగతి నుంచీ ర్యాంకు లెక్కల్లోనే బతుకుతారు. ముందస్తు దరఖాస్తుల గడువు చాలాచోట్ల నవంబరు 1. పెళ్లికి వెళ్లినా, గుడికి వెళ్లినా, పుట్టినరోజు విందుకు వెళ్లినా పెద్దవాళ్లు అడిగేది ఆ ఒక్కటే. నా దగ్గర ఆ రెండు గంటలైనా వాళ్లు ఆ ప్రశ్న లేకుండా ఊపిరి పీల్చుకోవాలని నా కోరిక. తల్లిదండ్రులకు కూడా ముందే చెబుతాను, ఈ సాయంత్రం చదువు మాట వద్దని. చాలామంది నవ్వి ఊరుకుంటారు. ఒక తండ్రిగారు మాత్రం కాసేపు ఏమీ మాట్లాడకుండా ఉండి, "మేము ఇంట్లో వేరే మాట్లాడి చాలా రోజులైందండీ" అన్నారు.

ఒక అబ్బాయి గురించి చెప్పాలి. వాళ్ల నాన్నగారు ఫోర్ట్‌వర్త్ వాటర్ గార్డెన్స్ కావాలన్నారు. ఫిలిప్ జాన్సన్, జాన్ బర్గీ రూపొందించిన ఆ తోట 1974 నుంచి ఉంది. ఆ కాంక్రీటు మెట్లు, వాటి మీద నుంచి జారే నీళ్లు ఫోటోల్లో చాలా గంభీరంగా ఉంటాయి. అబ్బాయి మాత్రం బడి వెనక కార్లు నిలిపే చోటు కావాలన్నాడు. ఎందుకని అడిగితే చెప్పడానికి మొహమాటపడ్డాడు. మార్చింగ్ బ్యాండులో, అంటే నడుస్తూ వాయించే బడి వాద్యబృందంలో, ట్రాంబోన్ అనే ఇత్తడి వాద్యం వాయిస్తాడట. అమెరికన్ ఫుట్‌బాల్ మైదానంలో ఉన్నట్టే ఆ తారు మీద గజాల గీతలు గీసి ఉంటాయి. నాలుగేళ్లుగా ప్రతి ఆగస్టులోనూ ఆ గీతల మీదే ఎండలో నడిచి నడిచి సాధన చేశారు. బడి వాళ్లను అడిగి అనుమతి తీసుకుని అక్కడికే వెళ్లాం. మొదటి పది నిమిషాలు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బిగుసుకుపోయాడు. "నిలబడవద్దు, ఏదైనా వాయించు" అన్నాను. పెట్టె తెరిచి మౌత్‌పీస్ (పెదాల దగ్గర పెట్టుకుని ఊదే ముక్క) తీశాడు. దాన్ని గుప్పిట్లో మూసి, బొటనవేలితో నెమ్మదిగా రుద్దుతూ వెచ్చబరిచాడు. ఆ పని చేస్తున్నప్పుడు అతనికి నేనున్నానన్న ధ్యాసే లేదు. కనురెప్పలు వాలాయి, భుజాలు దిగాయి. 85 మిల్లీమీటర్ల లెన్సుతో దూరం నుంచి తీసిన ఆ ఒక్క ఫోటో కోసం మిగతా ఎనభై వదులుకోమన్నా వదులుకుంటాను. ఆ తరువాతి రెండేళ్లలో ఆ బ్యాండు నుంచే పద్నాలుగు మంది పిల్లలు వచ్చారు.

కాబట్టి భంగిమలు కంఠస్థం చేయడం కంటే పిల్లల చేతికి వాళ్ల పని వాళ్లకు ఇవ్వండి. వీణ ఉంటే శ్రుతి చేయమనండి. కూచిపూడి నేర్చుకున్న పిల్లను గజ్జెలు కట్టుకోమనండి, కట్టుకోవడమే తీయండి. లెటర్ జాకెట్ (ఆటల్లోనో బ్యాండులోనో రాణించినవారు వేసుకునే బడి అక్షరం కుట్టిన జాకెట్) ఉంటే ఎండాకాలమైనా తెమ్మనండి, చివరి ఐదు నిమిషాలు తొడిగితే చాలు.

లంగావోణీ అన్నాక పిన్నీసులు, సూదీ దారం, జడకు రబ్బరు బ్యాండ్లు మీ సంచిలో ఉండాలి. ఓణీ కుచ్చిళ్లు సర్దడం తల్లికే వదిలేయండి. ఆ క్షణంలో కూతురి భుజం మీద తల్లి చెయ్యి ఉంటుంది, పళ్ల మధ్య పిన్నీసు ఉంటుంది, ఇద్దరూ ఒకరినొకరు విసుక్కుంటూనే ఉంటారు. అది తప్పకుండా తీయండి. ఆ పని అయ్యాక అమ్మగారిని కాస్త దూరంగా, నీడలో కుర్చీ వేసి కూర్చోబెట్టండి. "నిటారుగా నిలబడు, పొట్ట లోపలికి పీల్చు" అన్న మాట ప్రేమతోనే వస్తుంది, కానీ అది వినగానే పిల్ల ముఖం మూతపడిపోతుంది. వాళ్లకంటూ ఒక పని అప్పగిస్తే ఇబ్బంది ఉండదు. నేను చల్లటి నీళ్ల సీసాలు, తడి తువ్వాలు వాళ్ల చేతికిస్తాను.

ఎండ విషయం మీకు తెలిసిందే. ఆగస్టు మధ్యలో ఇక్కడ సూర్యాస్తమయం రాత్రి ఎనిమిదింబావు ప్రాంతంలో. ఏడు గంటలకు ముందు మొదలుపెట్టకండి. నవంబరులో గడియారాలు వెనక్కి తిప్పాక ఐదున్నరకే చీకటి పడుతుంది, అప్పుడు బడి వదిలాక సమయం చాలదు, శనివారమే పెట్టుకోండి. ఏప్రిల్‌లో ఎన్నిస్ ఊరి వైపు బ్లూబోనెట్లు అనే నీలి అడవి పూలు పూస్తాయి. 1901 నుంచి అది టెక్సాస్ రాష్ట్ర పుష్పం కాబట్టి అందరూ అవే కావాలంటారు. పూలను తొక్కకుండా అంచున ఖాళీ నేల చూసి కూర్చోబెట్టండి. కూర్చోబెట్టే ముందు చీమల పుట్టలు ఉన్నాయేమో వెతకండి. ఇక్కడి ఎర్ర చీమలు కుడితే వారం రోజులు పొక్కులు పోవు. ఇయర్‌బుక్‌కు మీ ఫోటో తీసుకుంటారా, బడి స్టూడియోదే కావాలంటారా అన్నది బడిని బట్టి మారుతుంది. ఆ సంగతి, గడువు తేదీ తల్లిదండ్రులను ముందే కనుక్కోమనండి.

కానుక అన్నారు కదా. నేనిచ్చేది ఒక్కటే. ఫోటోలు సగం అయ్యాక తీసిన వెంటనే ఫోటో కాగితం బయటికి వచ్చే ఫూజీఫిల్మ్ ఇన్‌స్టాక్స్ కెమెరాతో ఒకటి తీసి పిల్ల చేతిలో పెడతాను. బొమ్మ తేలడానికి నిమిషంన్నర పడుతుంది. ఆ నిమిషంన్నరా ఫోను పక్కన పెట్టి, తెల్లటి కాగితం మీద తన ముఖం మెల్లగా పైకి రావడం చూస్తూ ఉంటారు. అది పిల్లల సొంతం, అమ్మానాన్నలకు చూపించాలో వద్దో వాళ్ల ఇష్టం. ఫోను కవరు వెనక పెట్టుకుని కాలేజీకి కూడా తీసుకెళ్లినవాళ్లు ఉన్నారు.

ఫోటోలు లింకు పంపి ఊరుకోకండి. ఇంటికి వెళ్లి పిల్లకు ముందు, తల్లిదండ్రులకు తరువాత చూపించండి. వద్దన్నవి పిల్లే తీసేస్తుంది, ఎందుకని అడగవద్దు. టేపు తీసుకెళ్లి గోడ కొలవండి. సోఫా పైన 8×10 అంగుళాల ఫోటో పెడితే తపాలా బిళ్ల అతికించినట్టు ఉంటుంది, అక్కడ 24×30 పడాలి. చిన్నవి ఇండియాలో అమ్మమ్మకు, నాయనమ్మకు పంపమనండి. ధరలన్నీ మొదటి రోజే కాగితం మీద రాసి ఇవ్వండి, చివర్లో బేరం మొదలైతే పిల్ల ముందు అందరికీ ఇబ్బంది. ఫోటోలను మీ పేజీలో పెట్టుకోవడానికి పద్దెనిమిది నిండని పిల్లల విషయంలో తల్లిదండ్రుల సంతకం తీసుకోండి. సంతకం ఉన్నా సరే, పిల్ల వద్దంటే పెట్టకండి.

ఏడాదిగా మీరు ఫోటోలు తీసిన పిల్లల నంబర్లు మీ దగ్గర ఉన్నాయి కదా. మే నెలలో గ్రాడ్యుయేషన్‌కు వారం ముందు ఒక్కొక్కరికీ ఫోను చేసి, "టోపీ గౌను వేసుకుని పదిహేను నిమిషాలు రా, డబ్బేమీ వద్దు" అని పిలవండి. వచ్చినప్పుడు వాళ్లమ్మగారు కారు దిగేలోపు, నిరుడు తీసిన ఫోటోల్లో ఏవి నచ్చలేదో చెప్పమని అడగండి. నేను ఆ లంగావోణీ అమ్మాయిని అడగలేదు.