వరంగల్ పిల్లలకు విదేశీ యుద్ధాలు పట్టవా?

మీ ప్రశ్న సారాంశం ఇది: మా కాలంలో వియత్నాం గురించి రాత్రంతా వాదించుకునేవాళ్లం, ఇప్పటి పిల్లలకు ఉక్రెయిన్ అయినా గాజా అయినా వేలితో పైకి తోసేసే ఒక రీల్, అంతేనా? హన్మకొండలో గ్రూప్స్ పిల్లలకు కరెంట్ అఫైర్స్ చెప్తుంటాను, గల్ఫ్‌కు పోయేవాళ్ల కాయితాలు చూసిపెడుతుంటాను. అక్కడి నుంచి చెప్పే జవాబు: పడతాయి. కాకపోతే తమ ఇంటికి ఆ దేశంతో లెక్క ఉన్నంతవరకే పడతాయి. ఆ లెక్క ఉందని చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. నాకు బాధ కలిగించేది పిల్లల నిర్లక్ష్యం కాదు, ఈ ఆలస్యం.

ఉక్రెయిన్ సంగతే తీసుకోండి. 2022 ఫిబ్రవరిలో అక్కడ మెడిసిన్ చదువుతున్నవాళ్లలో మన ఉత్తర తెలంగాణ పిల్లలూ ఉన్నారు. కీవ్‌లోని మన రాయబార కార్యాలయం 15వ తేదీన మొదటి సూచన ఇచ్చింది: ఉండి తీరాల్సిన పని లేనివాళ్లు, ముఖ్యంగా విద్యార్థులు, కొన్నాళ్లు బయటికి వెళ్లే ఆలోచన చేయొచ్చు అని. 20న అదే మాట ఇంకాస్త గట్టిగా చెప్పింది. 22న, ఆన్‌లైన్ క్లాసులపై యూనివర్సిటీ ఖరారు చేసేదాకా ఆగకుండా బయల్దేరండి అంది. 24 తెల్లవారుజామున దాడి మొదలైంది, విమానాలు ఆగిపోయాయి. మొదటి సూచనకూ దాడికీ మధ్య తొమ్మిది రోజులు. చాలామంది కదలకపోవడానికి కారణాలు ఉన్నాయి. హాజరు తగ్గితే ఏడాది పోతుందన్న భయం, ఒక్కసారిగా పెరిగిన టికెట్ ధరలు, ‘ఏం కాదులే’ అనే సీనియర్ల ధైర్యం. రాయబార కార్యాలయాలు కేకలు పెట్టవు. రెండో సూచన మొదటిదానికన్నా గట్టిగా వచ్చిందంటే మూడోదాని కోసం ఆగకూడదు. ఈ ఒక్కటి తెలిసినా ఆ పిల్లల్లో కొందరు గడ్డకట్టే చలిలో పోలండ్, రొమేనియా సరిహద్దుల దాకా పోయి నిలబడాల్సిన పని ఉండేది కాదు.

మనవాళ్లను వెనక్కి తెచ్చిన ఆపరేషన్ గంగలో దాదాపు 22,500 మంది వచ్చాక టీవీల్లో ఉక్రెయిన్ తగ్గిపోయింది. ఆ ఇళ్లల్లో మాత్రం తగ్గలేదు. జూలైలో వైద్య విద్యను చూసే జాతీయ సంస్థ ఎన్‌ఎంసీ, చివరి ఏడాది పూర్తయినవాళ్లను ఎఫ్‌ఎంజీఈ (విదేశాల్లో మెడిసిన్ చదివినవాళ్లు ఇక్కడ రాయాల్సిన పరీక్ష) రాయనిచ్చి, ఇంటర్న్‌షిప్ ఏడాదికి బదులు రెండేళ్లు చేయమంది. సెప్టెంబర్‌లో, మిగతావాళ్లు వేరే దేశపు యూనివర్సిటీకి మారి చదువు కొనసాగించుకోవచ్చని ఒప్పుకుంది. యుద్ధం ఇరవై ఏళ్ల పిల్లకు ఇలా నోటీసుల రూపంలో కూడా వస్తుంది. ఆ పిల్ల ఇన్‌స్టాలో ఉక్రెయిన్ జెండా పెట్టకపోవచ్చు. అంతమాత్రాన పట్టనట్టు కాదు.

పోస్టులు లేకపోవడానికి ఇంకో పెద్ద కారణం వీసా. 2025 జూన్ నుంచి అమెరికా ఎఫ్, ఎం, జె వీసాలకు (చదువుకు, ఎక్స్ఛేంజ్ కార్యక్రమాలకు ఇచ్చేవి) దరఖాస్తు చేసేవాళ్లు తమ సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనబడేలా తెరిచి ఉంచాలి. ఎంఎస్‌కు పోదామనుకునే ఇంజనీరింగ్ పిల్లలు గాజా గురించి నోరు మెదపకపోవడానికి ఇదొక కారణం. క్లాసులో, హాస్టల్లో మాట్లాడతారు, ఫోన్‌లో రాయరు. ఇక్కడ జరిగే తప్పొకటి చెప్పాలి. భయపడి ఖాతా తీసేసి, వీసా దరఖాస్తు అయిన డీఎస్-160 ఫారంలో దాని పేరు రాయరు. ఆ ఫారం అడిగేది ఇప్పుడున్న ఖాతాలను కాదు, గత ఐదేళ్లలో వాడినవాటిని. తీసేసినా వాడినట్టే. దాచితే వీసా రాకపోవచ్చు, ముందుముందు కూడా అనర్హత పడొచ్చు.

ఇప్పుడు అసలు విషయం. ఉక్రెయిన్, గాజా మ్యాపులు గీయగల పిల్లల్ని మయన్మార్ గురించి అడగండి, సగం మందికి అక్కడ యుద్ధం ఉందనే తెలియదు. కరీంనగర్, జగిత్యాల వైపు డిగ్రీ చేసి ఖాళీగా ఉన్న కుర్రాడికి ప్రపంచంలో అన్నిటికన్నా దగ్గరి యుద్ధం అదే. 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం లాక్కున్నాక సరిహద్దు ప్రాంతాల్లో సాయుధ ముఠాల పెత్తనం మరింత పెరిగింది. వాటి కాపలాలో థాయిలాండ్ సరిహద్దులోని మయన్మార్ పట్టణం మ్యావడీ చుట్టుపక్కల సైబర్ మోసాల కేంద్రాలు నడుస్తున్నాయి. 2025 మార్చిలో మన వైమానిక దళం రెండు విడతల్లో 549 మందిని థాయిలాండ్‌లోని మే సాట్ నుంచి వెనక్కి తెచ్చింది. వాళ్లలో తెలంగాణవాళ్లూ ఉన్నారు.

ఆ ఉద్యోగం వచ్చే తీరు దాదాపు ఎప్పుడూ ఒకటే. టెలిగ్రామ్‌లోనో, తెలిసిన సీనియర్ ద్వారానో ‘డేటా ఎంట్రీ’ అనో ‘కస్టమర్ సపోర్ట్’ అనో వస్తుంది. పది నిమిషాల వీడియో కాల్‌లో టైపింగ్ వేగం చూస్తారు, చదువు పెద్దగా అడగరు. బ్యాంకాక్ టికెట్ వాళ్లే పంపి, ‘వీసా అక్కడికి వచ్చాక మార్పిస్తాం’ అంటారు. ఆ మాట దగ్గరే ఆగిపోవాలి. థాయిలాండ్‌లో పనిచేయాలంటే నాన్ ఇమిగ్రెంట్ బి వీసా, దానిమీద వర్క్ పర్మిట్ కావాలి. టూరిస్టుగా దిగి పనిలో చేరడం కుదరదు. ఏజెంట్‌ను రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి విదేశీ ఉద్యోగాలకు కేంద్రం నడిపే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడాలి. నంబర్ ఇవ్వకపోయినా, ఇచ్చింది అక్కడ దొరకకపోయినా మాటలు అక్కడికి చాలు. ఇంకోటి, మే సాట్ బ్యాంకాక్ నుంచి రోడ్డు మీద దాదాపు 500 కిలోమీటర్లు. ఆఫీసు బ్యాంకాక్‌లోనే అని చెప్పి కారును గంటల తరబడి ఊరు దాటిస్తున్నారంటే పోయేది నది ఒడ్డుకు. మోయీ నది దాటితే మయన్మార్. దాటకముందే థాయ్ పోలీసులనో మన రాయబార కార్యాలయాన్నో పట్టుకోవాలి, దాటాక చేతిలో పాస్‌పోర్టు ఉండదు. రష్యాలో ‘హెల్పర్’ ఉద్యోగమని పోయి సైన్యంలో తేలినవాళ్ల కథలోనూ ఇదే తీరు: చదవలేని భాషలో ఒప్పందం, దాని మీద సంతకం.

గల్ఫ్ ఇళ్ల పిల్లలకు ఇవేవీ చెప్పనక్కర్లేదు. జగిత్యాల, నిర్మల్, సిరిసిల్ల, నిజామాబాద్ ఊళ్లల్లో 1990 ఆగస్టులో సద్దాం సైన్యం కువైట్‌లోకి వచ్చిన సంగతి ముసలివాళ్లకు ఇప్పటికీ గుర్తే, అప్పుడు 1,70,000 మంది దాకా మనవాళ్లను విమానాల్లో తెచ్చారు. 2025 జూన్ 23 రాత్రి ఇరాన్ దాడి వేళ ఖతార్ గగనతలం మూసేసినప్పుడు దోహా విమానాలు ఎటు మళ్లుతున్నాయో ఇంటర్ చదివే పిల్లలు ఫోన్‌లో చూసి ఇంట్లోవాళ్లకు చెప్పారు. వీళ్లకు తెలియాల్సింది వార్త కాదు, కాయితం. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ (కొన్ని దేశాలకు పనికి పోయేముందు ప్రభుత్వ అనుమతి కావాల్సిన రకం) కిందికి వస్తుంది. వాళ్లు ఉద్యోగ వీసా మీద ఈ-మైగ్రేట్ ద్వారా పోతే ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు. లైసెన్సు ఉన్న ఏజెంట్ తీసుకోగల సేవా రుసుం 30,000, దానిమీద జీఎస్టీ. విజిట్ వీసా మీద పోయి అక్కడ పని చూసుకున్నవాళ్లు ఈ లెక్కలో ఎక్కడా ఉండరు. యుద్ధం వచ్చి జాబితాలు తీసినప్పుడు వాళ్ల పేరు ఈ-మైగ్రేట్‌లో కనబడదు. ఆ దేశంలోని మన రాయబార కార్యాలయం వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకోవడమే దీనికి మందు. పాస్‌పోర్టు, వీసా, అక్కడి గుర్తింపు కార్డు, పని ఒప్పందం, బీమా పాలసీ నకళ్లు ఇంట్లో ఒక కవర్లో, ఫోటోలు ఇద్దరి ఫోన్లలో ఉండాలి.

విమానం ఎక్కనివాళ్ల సంగతి ఏమిటంటారా? 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసింది. బట్టల మిల్లులకు ఊరట కోసం కేంద్రం పత్తి దిగుమతి మీద 11 శాతం సుంకాన్ని ఆగస్టు 19 నుంచి ఎత్తేసింది. మొదట సెప్టెంబర్ 30 దాకా అన్నది డిసెంబర్ 31 దాకా పొడిగించింది. మన పత్తి వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు వచ్చేది సరిగ్గా అక్టోబర్ నుంచి. బయటి దూది సుంకం లేకుండా దొరుకుతుంటే వ్యాపారి ఇక్కడ ధర ఎందుకు పెంచుతాడు? అప్పుడు రైతుకు మిగిలేది మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐ. 2025-26 సీజన్‌లో పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 8 శాతం దాటితే శాతానికొక శాతం కోత, అంటే ఆ ధర మీద 81 రూపాయలు, 12 దాటితే తీసుకోరు. అగ్రికల్చర్ బీఎస్సీ పిల్లలకు ఈ గొలుసు చెప్తే ట్రంప్ పేరు వినగానే తేమ ఎంతుందని అడుగుతారు. ప్రపంచ వ్యవహారాలు పట్టడమంటే నాకు ఇదే.

గ్రూప్స్ రాసేవాళ్లకు ‘అంతర్జాతీయ సంబంధాలు, సంఘటనలు’ సిలబస్‌లోనే ఉంది. కానీ వాళ్లు సదస్సు ఎక్కడ జరిగింది, అధ్యక్షుడెవరు అన్న బిట్ల దగ్గరే ఆగుతారు. బిట్లు పరీక్ష మర్నాటికి పోతాయి. నేను చేయించేది వేరు. వారానికి ఒకే యుద్ధం లేదా గొడవ తీసుకోవాలి. మ్యాపు మీద సరిహద్దు, సముద్ర దారి, దగ్గరి విమానాశ్రయం గుర్తు పెట్టాలి. తర్వాత నాలుగు వరుసలు రాయాలి: అక్కడ మనవాళ్లు ఎవరు ఉన్నారు, మనకు అక్కడి నుంచి ఏం వస్తుంది, మనం ఏం పంపుతాం, రాయబార కార్యాలయం చివరి సూచన ఏ తేదీది. నాలుగోది యూట్యూబ్ నుంచి తీసుకోవద్దు, ఆ కార్యాలయం సొంత పేజీలోనే చూడాలి, పాత సూచనల్ని కొత్తవిగా తిప్పే వీడియోలు చాలా ఉంటాయి. మొత్తం పని అరగంట. మొదటి నెలలో మీరు గాజా పక్కన మయన్మార్ పెట్టించండి. ఏ ఊరి పిల్లాడికో ఆ వారంలోనే బ్యాంకాక్ టికెట్ వచ్చి ఉండొచ్చు.