నీ కథలో గుర్రాన్ని ఎక్కడ కట్టేశావు?

చిరంజీవికి,

కథ చదివాను. 1800లో, లండన్ సదర్క్‌లోని జార్జ్ ఇన్‌లో నడిపావు. మనుషులు బాగా కుదిరారు. ఇల్లే ఇంకా కుదరలేదు.

మొదటిది, నువ్వు వాడిన పదం సంగతి. ‘సత్రం’ అన్నావు. ఆ రోజుల్లో సత్రంలో డబ్బు పుచ్చుకునేవారు కాదు. ఇన్‌లో మనిషి బసకూ గుర్రం మేతకూ కూడా లెక్క కట్టేవారు. పూటకూళ్లిల్లు కాస్త దగ్గరి మాటే గానీ, అందులో గుర్రాలకు చోటుండేది కాదు. ‘ఇన్’ అనే ఉంచెయ్.

రెండోది, ఇవాళ్టి ఫొటో చూసి రాసినట్టున్నావు. 1676 అగ్నిప్రమాదం తర్వాత 1677లో మళ్లీ కట్టిన ఆ ఇన్‌లో ఇప్పుడు మిగిలింది దక్షిణం వైపు వరస ఒక్కటే. తక్కిన వరసల్ని 1889లో రైల్వే కంపెనీ గిడ్డంగుల కోసం పడగొట్టింది. నీ కథ నాటికి అవన్నీ ఉన్నాయి. వసారాలో నిలబడ్డ నీ నాయకుడికి ఎదురుగా ఆకాశం కాదు, గదులు కనిపించాలి. అతన్ని లోపలి నడవాలో నడిపించావు, అదీ తప్పే. ముంగిలి వైపు తెరిచి ఉన్న చెక్క వసారాయే పై గదులకు దారి. చలిగాలి, కింద గుర్రాల సకిలింపు, లద్దె వాసన, అన్నీ దాటుకుంటూ గది తలుపు తీయాలి. మన మండువా లోగిలిని తలుచుకో, కానీ నడుమ వాన నీటి బదులు నాలుగు గుర్రాల బండి తిరగాలి.

ఇలాంటి ఇన్‌లలో కొలతలన్నీ ఆ బండిని బట్టే. బండి పైకప్పు మీద కూడా ప్రయాణికులు కూర్చునేవారు. వీధి కమాను కిందికి రాగానే వాళ్లు తలలు వంచాలి. కమాను రెండు మూలల్లో నేల దగ్గర ఏటవాలు రాళ్లు పాతి ఉంటాయి. చక్రం ముందు ఆ రాయిని ఒరుసుకుని పక్కకు జరుగుతుంది, లేకపోతే బయటికి పొడుచుకొచ్చిన ఇరుసు కొన గోడను చెక్కేస్తుంది. పాత కమానుల దగ్గర ఆ రాళ్ల మీద నున్నగా అరిగిన చారలు చూడు. వాటిని ఒక్క వాక్యంలో రాసినా చాలు, ఎన్ని బండ్లు పోయాయో పాఠకుడికి తెలుస్తుంది.

ఇక గుర్రపుశాల. నువ్వు ఒక్క ముక్కలో దాటేశావు, అసలు కథ అక్కడే ఉంది. రహదారిలో పదిమైళ్లకు అటూ ఇటూగా ఒక మజిలీ, మజిలీకి నాలుగు కొత్త గుర్రాలు. అంటే నూరు మైళ్లకు ఒక్క బండికే నలభై. ఒక గుర్రం రోజుకు 30 నుంచి 50 లీటర్ల నీళ్లు తాగుతుంది, ఇరవై కిలోల దాకా లద్దె వేస్తుంది. అందుకే శాల ముంగిలికి వెనక కొసన, నీళ్ల పంపు దగ్గర, లద్దె బండికి దారి ఉన్నచోట ఉంటుంది. గుర్రాన్ని కట్టే అర సుమారు ఆరడుగుల వెడల్పు. అంతకంటే ఇరుకైతే పడుకున్న గుర్రం లేవలేక గోడకు చిక్కుకుంటుంది. నేల కాలువ వైపు కొద్దిగా వాలుగా ఉండాలి. వాలు ఎక్కువైతే గుర్రం ముందుకాళ్లు ఎత్తు మీద నిలిచి, కాళ్ల నరాలు పీకుతాయి.

పైన అటక, అందులో ఎండుగడ్డి. అటక కన్నంలోంచి తోస్తే గడ్డి నేరుగా గాడి మీది కటకటాల్లో పడుతుంది. పనివాడికి మోత తప్పుతుంది గానీ, గుర్రం కళ్లలో దుమ్ము పడుతుంది. కింది మూత్రం ఘాటు పైకెక్కి మేత పాడవుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో గుర్రపుశాలల గురించి రాసినవాళ్లు ఈ కట్టడాన్ని తప్పుపట్టింది అందుకే.

కర్రపని గురించి ఒక్కమాట. పాత ఇన్‌ల ఓక్ దూలాల అతుకుల దగ్గర వడ్రంగులు గీసిన రోమన్ అంకెలుంటాయి. చట్రాన్ని నేల మీదే బిగించి చూసి, అంకెలు వేసి, విప్పి, మళ్లీ నిలబెట్టేవారు. ఎక్కడైనా వరస తప్పితే ఆ దూలం తర్వాత మార్చిందో, వేరే ఇంటి నుంచి తెచ్చిందో అయి ఉండొచ్చు. నీ కథలో వీలునామా దాచడానికి చోటు వెతుకుతున్నావు కదా, ఆ వరస తప్పిన దూలం వెనక పెట్టి చూడు.

ముందు ముంగిలి పటం గీసి పంపు. కమాను ఎటు, పంపు ఎటు, శాల తలుపు ఎటు తెరుచుకుంటుందో అందులో ఉండాలి. ఆ తర్వాతే రెండో ప్రతి మొదలుపెట్టు.

ఆశీస్సులతో.